పక్క సీట్లో ఇసుక బస్తా

నేను ఒక గోనె సంచిని. కడుపులో ఇసుక, మూతికి నైలాను తాడు. ఇప్పుడు పాత ఇనుము కొనే కొట్టు గుమ్మంలో, వాన నీళ్ళు లోపలికి రాకుండా అడ్డం పడి ఉన్నాను. వచ్చేపోయేవాళ్ళు నా మీద చెప్పులు తుడుచుకుంటారు. తుడుచుకోనీ. వీళ్ళలో ఒక్కడు కూడా నేను ఎక్కినంత ఎత్తు ఎక్కి ఉండడు.

నన్ను నేసింది విజయనగరం వైపు ఒక జనపనార మిల్లులో. నా మొదటి యజమాని మండపేట దగ్గర రైతు. కొత్త ధాన్యం పోసిన రోజు నాకు పసుపు కుంకుమ పెట్టి దండం పెట్టాడు. ధాన్యం ఖాళీ అయిన రోజు గేదె కింద పరిచాడు. మనుషుల భక్తి ఎంతవరకో అప్పుడే తెలిసింది. తర్వాత బియ్యం మిల్లువాడు. నూకలు అడుగున పోసి, మంచి బియ్యం పైన పోశాడు. కొన్నవాడు పైన చెయ్యి పెట్టి చూసి మెచ్చుకున్నాడు. అడుగుదాకా చూసే ఓపిక ఎవరికుంది? చివరికి ఒక తాపీమేస్త్రీ చేతిలో పడ్డాను. అతను నాలో గోదావరి ఇసుక నింపి, కాకినాడ రోడ్డు మీద కడుతున్న థీమ్ పార్కుకి తోలాడు. కట్టడం అయిపోయింది. నేను మిగిలిపోయాను.

అక్కడే నాకు ఉద్యోగం దొరికింది. ఆ పార్కులో రోలర్ కోస్టర్ ఉండేది. గొలుసు మీద బండిని కొండంత ఎత్తుకి లాగి, అక్కడి నుంచి వదిలేస్తారు. రోజూ పొద్దున మనుషుల్ని ఎక్కించే ముందు మా ఇసుక బస్తాల్ని సీట్లలో కూర్చోబెట్టి, బెల్టు కట్టి, ఒక చుట్టు తిప్పేవారు. మేము క్షేమంగా వస్తే మనుషులూ వస్తారని లెక్క. పోయేదేదో ముందు మాకే పోవాలి. దానికి జీతం లేదు, దండా లేదు. అయినా కేక వెయ్యకుండా తిరిగొచ్చిన ప్రయాణికులం మేమే.

తర్వాత రోజంతా స్టేషన్ మూల పడి ఉండేదాన్ని. ఎక్కేటప్పుడు పెద్ద కబుర్లు చెప్పి, దిగాక మొహం తుడుచుకునే వాళ్ళని చూస్తూ. ఎంతోమంది వచ్చారు, పోయారు. గుర్తున్నది ఒక్క గుంపే.

కాకినాడ నుంచి ఏటా శ్రావణంలో వచ్చేవారు. గిరగిర మిత్రమండలి అని పేరు పెట్టుకున్నారు. అందరూ యాభై దాటినవాళ్ళే. ఎక్కడ కోస్టర్ ఉందన్నా వ్యాను మాట్లాడుకుని పోతారు. చుట్టాల పెళ్ళికి రమ్మంటే నడుం నొప్పంటారు. అధ్యక్షురాలు తులసమ్మ, పోస్టాఫీసులో చేసి రిటైరైన మనిషి. మోకాళ్ళు పట్టేసి గుడి మెట్లెక్కడం మానేసింది గానీ కోస్టర్ మెట్లు మానలేదు.

మరిడయ్య ఆర్టీసీ డ్రైవరుగా చేసినవాడు. రత్నం టైలరు. ఇద్దరూ ఎప్పుడూ చివరి వరసలో పక్కపక్కనే కూర్చునేవారు. బండి జారేటప్పుడు విసురంతా ఆ వరసకే తగులుతుంది. మండలికి ఒక నియమం ఉంది. మొదటి జారులో రెండు చేతులూ పైకెత్తాలి. ఒళ్ళోని కడ్డీ పట్టుకున్నవాడికి పరువు లేదు.

కిందటేడు జారు దగ్గర పార్కు కెమెరా తీసిన ఫోటోలో మరిడయ్య చేతులు ఆకాశంలో ఉన్నాయి. రత్నం చేతులు కడ్డీ మీద ఉన్నాయి. కళ్ళు మూసి ఉన్నాయి, నోరు తెరిచి ఉంది. మరిడయ్య ఆ ఫోటో కొన్నాడు. పెద్దది చేయించాడు. ఫ్రేము కట్టించి, అందరూ చేరే టీ కొట్టులో తగిలించాడు. నవ్వులాటకే. రత్నం ఆ కొట్టుకి వెళ్ళడం మానేశాడు. మరిడయ్యతో మాట మానేశాడు. పెళ్ళిళ్ళు కాకముందు నుంచి ఉన్న స్నేహం ఒక మేకుకి వేలాడింది.

ఈ ఏడు వాళ్ళు వచ్చింది కోస్టర్‌కి ఆఖరి రోజు. మర్నాడు విప్పేసి పాత ఇనుముకి అమ్మేస్తారు. ఆ సంగతి తెలిసే వచ్చారు. వచ్చేసరికి వాన. మామూలు వాన కాదు, పార్కంతా చెరువైంది. బండి ఆపేశారు. మిగతా జనం తిట్టుకుంటూ ఇళ్ళకి పోయారు. మండలి మాత్రం స్టేషన్ రేకుల కింద చేరి, తలల మీద ప్లాస్టిక్ కవర్లతో పులిహోర తింటూ కూర్చుంది. రత్నం అటు తిరిగి తిన్నాడు, మరిడయ్య ఇటు తిరిగి తిన్నాడు.

"ఏవయ్యా, ఇవాళ కూడా కలిసి కూర్చోకపోతే ఇంకెప్పుడు కూర్చుంటారు? పాడె మీదా?" అంది తులసమ్మ.

"పాడె మీద పక్కన ఎవడూ ఉండడండి. అదే హాయి," అన్నాడు రత్నం.

"మోసేవాళ్ళలో నేనుంటానని చెప్పండి," అన్నాడు మరిడయ్య, పులిహోర వైపు చూస్తూ.

సాయంత్రానికి వాన సన్నబడింది. బండి నడిపే ఇస్మాయిల్ పట్టాలు చూసి వచ్చాడు. "గాలి ఎదురు కొడతంది. చక్రాలు చల్లబడిపోయాయి. బండి తేలిగ్గా ఉంటే పల్లంలో ఆగిపోద్దండి. ఖాళీ సీట్లలో బస్తాలేస్తేనే తిప్పుతాను," అన్నాడు.

అలా నేను మొదటిసారి మనుషుల మధ్య కూర్చున్నాను. అందరూ జంటలు జంటలుగా ఎక్కారు. రత్నం చివరి వరస వదిలేసి, దాని ముందు వరసలోకి వచ్చి నా పక్కన కూర్చున్నాడు.

"ఆయన పక్కన కన్నా ఈ బస్తా నయం. ఇదైతే ఫోటోలు కొనదు."

వెనక వరసలో మరో బస్తా పక్కన కూర్చున్న మరిడయ్య వెంటనే అందుకున్నాడు. "కూచోనివ్వండి. బస్తా కూడా చేతులెత్తదు. జోడీ కుదిరింది."

అందరూ నవ్వారు. రత్నం నవ్వలేదు. నాకూ నవ్వు రాలేదు. పక్కన మనిషి ఉన్నన్నాళ్ళూ ఆ చోటు ఇరుకంటారు. ఖాళీ అయ్యాక ఇసుక పోసి నింపుకుంటారు. అప్పుడూ బుద్ధి రాదు.

బండి కదిలింది. గొలుసు టకటకమంటూ పైకి లాగింది. ఎత్తు ఇంకా కొంచెం ఉందనగా ఆగిపోయింది. వాన మళ్ళీ దబదబా మొదలైంది.

కింద నుంచి ఇస్మాయిల్ మైకులో అరిచాడు. "కదలకండి! బండిని కనిపెట్టే సెన్సర్ తడిసింది. తుడిచి చూస్తాను. అప్పటికీ కాకపోతే మెట్ల మీద నడిపించి దింపేస్తాను. ఇంక ఇవాల్టికి లేదు."

ఇవాల్టికి లేదంటే ఎప్పటికీ లేదు. రత్నం అరచెయ్యి కళ్ళకి అడ్డం పెట్టుకున్నాడు. నీళ్ళు వేళ్ళ సందుల్లోంచి కారుతున్నాయి.

వెనక నుంచి మరిడయ్య నా వీపు మీద తట్టాడు. "ఇదిగో బస్తా, నీ పక్కాయనకి చెప్పు. కంటి ఆపరేషనయ్యి నెల తిరగలేదు. నీళ్ళు పడకూడదన్నాడు డాక్టరు."

"బస్తా, నా కళ్ళ సంగతి ఆయనకెందుకో కనుక్కో."

"ఆస్పత్రిలో గది బయట బల్ల మీద కూచున్నాను గనక తెలుసని చెప్పు."

వాన నా మీద నుంచి రత్నం తొడ మీదికి కారింది. అతను తల తిప్పకుండానే అడిగాడు.

"లోపలికొస్తే ఏం పోయింది?"

ఆ మాట నాతో కాదు.

"రానిస్తావనుకోలేదు."

"ఆ దిక్కుమాలిన ఫోటో తీసెయ్యొచ్చుగా?"

"ఎప్పుడో తీసేశాను. నువ్వు కొట్టుకొస్తేగా తెలిసేది!"

ఇద్దరూ తెలివైనవాళ్ళమనే అనుకుంటారు. ఒకడు తీసిన సంగతి చెప్పడు, రెండోవాడు తీశాడేమో చూడడు. ఇసుక నిండిన తల నాదొక్కదానిదే కాదు.

మరిడయ్య ముందుకి వంగాడు. నా మీదుగా రెండు చేతులూ చాచి, రత్నం నుదుటి మీద అరచేతులు చూరులా పట్టాడు. బస్సు తోలిన చేతులు, వెడల్పుగా ఉన్నాయి. నీళ్ళు ఆ చేతుల మీద నుంచి జారి అటూ ఇటూ పోయాయి.

గొలుసు ఒక్క కుదుపు కుదిపింది. టక, టక, టక.

"చేతులు తియ్యరా, ఎత్తొచ్చేసింది! రూలు!" అని అరిచాడు రత్నం.

"రూలు గంగలో కలవనీ. నువ్వు కళ్ళు మూసుకో!"

బండి కొనకి చేరి, ఒక్క క్షణం ఊగి, జారింది. నేను ఆ జారు ఎన్నోసార్లు జారాను. ఆ రోజు జారింది వేరు. రత్నం రెండు చేతులూ పైకెత్తి, తన నుదుటి మీదున్న మణికట్లని గట్టిగా పట్టుకున్నాడు. నియమం ప్రకారం చేతులు పైకే ఉన్నాయి. కడ్డీని ఎవరూ ముట్టుకోలేదు.

స్టేషన్‌లో ఆగాక తులసమ్మ చీర కొంగు పిండుకుంటూ, "ఇస్మాయిలూ, నీకు పుణ్యముంటుంది, ఇంకొక్కటి," అంది. ఇస్మాయిల్ గడియారం చూశాడు, ఆకాశం చూశాడు. "చక్రాలు వేడెక్కాయిలెండి. ఒకటి రెండు బస్తాలు తగ్గినా పర్లేదు. కానీండి," అన్నాడు.

రత్నం నా బెల్టు విప్పాడు. నన్ను ఎత్తబోయాడు. నేను నీళ్ళు తాగి ఉన్నాను. లేవలేదు. మరిడయ్య దిగి వచ్చి నా రెండో చెవి పట్టుకున్నాడు. ఇద్దరూ మూలుగుతూ నన్ను గట్టు మీదికి దించారు.

"ఏటిరా ఇంత బరువు!" అన్నాడు రత్నం.

"మన మధ్య ఏడాది కూచుంది మరి," అన్నాడు మరిడయ్య, నా చోట కూర్చుంటూ.

నన్ను బండిలోంచి అంత జాగ్రత్తగా ఎవరూ దించలేదు. నన్ను వదిలించుకున్నందుకు అంత సంతోషించిన వాళ్ళనీ చూడలేదు. నాకు కోపం రాలేదు. నేను పడి ఉండే మూల నుంచి పట్టాలు కనబడవు. అన్ని పొద్దులు తిరిగినా ఆ బండి ఎలా పోతుందో నేను బయట నుంచి చూడలేదు. అప్పుడు చూశాను. వానలో మెరుస్తూ పోతోంది. అప్పుడే వాళ్ళ గొడవ మొదలైంది. మోచెయ్యి తగులుతోంది అటు జరగమని ఒకడు, నువ్వే జరగమని ఇంకొకడు. ఎత్తు దాకా ఆ తిట్లు వినబడుతూనే ఉన్నాయి. తర్వాత ఒక్క కేక వచ్చింది. ఎవరిదో పోల్చుకోలేకపోయాను.