రాణి హేమలేఖ సంతకం

ఆదివారం వచ్చిందంటే రామక్క చేసే మొదటి పని అద్దం తుడవడం. కాటన్‌పేటలో దారం కొట్ల వెనక ఉన్న నాటక మండలి హాల్లో, మేకప్ గదిలో, మనిషికంటే ఎత్తైన అద్దం అది. పాత చీర పేలిక తడిపి పైనుంచి కిందికి ఓసారి, పొడిగుడ్డతో ఇంకోసారి తుడుస్తుంది. గుడ్డ ముక్కు దగ్గరికి వచ్చినప్పుడు లోపలున్న సొన్నప్ప మొహం పక్కకి తిప్పుకుంటాడు. పోయి మూడేళ్లయినా తడిగుడ్డ అంటే ఆ మనిషికి గిట్టదు.

సొన్నప్ప రామక్క మొగుడు. బతికుండగా పగలంతా దూది మండీలో మూటలు మోసేవాడు. సాయంత్రం రంగు వేసే రామక్క ముందు గంటన్నర కదలకుండా కూర్చుంటే రాణి హేమలేఖ అయ్యేవాడు. మండలి ఆడేది ఒకటే నాటకం, మండలి పెట్టిన పెద్దాయన స్వయంగా రాసింది. అందులో రాణి హేమలేఖ రాజు వీరకేతు మీద ఏడు పద్యాల పొడుగునా అలిగి, ఎనిమిదో పద్యానికి కరుగుతుంది. ఆ అలక చూడ్డానికి ఊరవతల ఆనేకల్ నుంచి కూడా బస్సెక్కి వచ్చేవాళ్ళు. వేషం పూర్తయ్యేసరికి సొన్నప్పకి గర్వంతో ఎడమ కనుబొమ్మ పైకి లేచేది. "ఎడమ కనుబొమ్మ దించు" అని రామక్క ప్రతిసారీ చెప్పేది. ముప్పై ఏళ్ళు చెప్పింది.

ఒక ఆదివారం నాటకం ముగిశాక, నగలు తియ్యకముందే, అద్దం ముందు కూర్చున్నవాడు కూర్చున్నట్టే పోయాడు. మనిషిని తీసుకెళ్ళారు గానీ అద్దంలో రాణి అలాగే ఉండిపోయింది. అప్పట్నుంచీ నాటకం రోజున నలుగురు కలిసి అద్దాన్ని స్టేజీ మీదికి నెట్టుకొస్తారు, రాణి అందులోంచే అలుగుతుంది. జనానికి దాంతో పేచీ ఏమీ లేదు. లైటు పడి కళ్ళు చెదిరిపోతున్నాయి, అద్దం కాస్త ఇటు తిప్పండప్పా అని మాత్రం కేకేసేవాళ్ళు. ఇంకెవరు ఎదురుగా నిలబడినా ఆ అద్దంలో రాణితోపాటు వాళ్ళ మొహం కూడా వాళ్ళకి కనిపించేది. రామక్కకి మాత్రం తన మొహం కనబడేది కాదు, ఆ చోట ఆయనే ఉండేవాడు.

తొంభై ఎనిమిదిలో హాలు యజమాని ఖాళీ చెయ్యమన్నాడు. దూది గోడౌనుకి ఇచ్చుకుంటే రెండింతలు అద్దె వస్తుందట. పోతే పోయింది, ఆట ఇంకోచోట ఆడుకోవచ్చు. కానీ అద్దం వీధి గుమ్మంలోంచి పట్టదు. గుమ్మం ఇరుకు చెయ్యకముందు లోపల పెట్టిన అద్దం అది, స్టేజీ దాకా వస్తుంది, అంతే. రామక్కకి అన్నం సయించడం మానేసింది.

అప్పుడు మునిరాజు ఒక కబురు పట్టుకొచ్చాడు. మునిరాజు దారం కొట్టు యజమాని, మండలి సెక్రెటరీ, రాజు వీరకేతు కూడా ఆయనే. సర్కారు కొత్త స్కీము పెట్టిందట. జనం ఒక కళాబృందానికి ఎంత ఇచ్చారో కాగితం మీద చూపిస్తే, అంతకి అంత సర్కారు కలిపి ఇస్తుంది. అదొస్తే హాలు మూడేళ్ళకి లీజు రాయించుకోవచ్చు. తన దగ్గర ఏ ఒక్క చదివింపూ వదలకుండా రసీదులున్నాయని మునిరాజు రొమ్ము విరుచుకున్నాడు.

సోమవారం పొద్దున తనిఖీకి కిరణ్మయి అనే ఆఫీసరు వచ్చింది. ఆనేకల్ నేతపనివాళ్ళ ఇంటి పిల్ల, ముప్పై కూడా నిండలేదు. మేకప్ గదిలోకి రాగానే అద్దానికేసి నమస్కారం పెట్టింది, సొన్నప్ప కూడా గాజుల చేతులు జోడించాడు. తర్వాత ఆమె కుర్చీ లాక్కుని రసీదు పుస్తకం తిరగేసింది. నాలుగు పేజీలు తిరిగేసరికి ఆమె మొహం మారింది.

"తీసుకున్నవారు అన్నచోట అన్నీ పాత్రల పేర్లే ఉన్నాయి కదా సార్," అంది. "రాణి హేమలేఖ, రాజు వీరకేతు... తీసుకున్నవాళ్ళు నా ముందు సంతకం పెట్టాలి."

మునిరాజు బిత్తరపోయాడు. ఆ పేటలో పద్ధతే అది. చీర చదివించినా, నోటు గుచ్చినా వేషానికే ఇస్తారు, మైకులో ఆ పేరే చెబుతారు. మూటలు మోసే సొన్నప్పకి చీర ఇస్తే దానం అవుతుంది, రాణికిస్తే కానుక అవుతుంది. చెప్పింది చెప్పినట్టు రాయడమే నిజాయితీ అనుకుని మునిరాజు ఇన్నేళ్ళూ రాస్తూ వచ్చాడు.

సరే, రాజు తన రసీదుల మీద సంతకాలు పెట్టాడు. కొట్లోంచి పిలిపిస్తే మంత్రి, చెలికత్తె కూడా వచ్చి పెట్టి వెళ్ళారు. కానీ పుస్తకంలో ముప్పాతిక భాగం రాణివే. రామక్క రసీదుని అద్దానికి ఎదురుగా పట్టుకుంది. లోపల సొన్నప్ప కలం తీసుకుని వయ్యారంగా సంతకం చేశాడు. ఇవతల కాగితం తెల్లగానే ఉంది.

కిరణ్మయి ఆ కాగితాన్ని ముందూ వెనకా తిప్పి చూసింది. "లోపలి కాగితం బయటికి రాదు కదమ్మా. ఆడిట్ వాళ్ళకి నేను బయటిదే చూపించాలి. ఫైలు ఈ రోజే వెయ్యాలి." ఆమె మనసులో బాధగానే ఉందని మొహమే చెబుతోంది. పుస్తకం మళ్ళీ ఓసారి చూసి, రసీదులో సొన్నప్ప అని లేదు, రాణి హేమలేఖ అనే ఉంది కాబట్టి ఆ వేషం కట్టేవాళ్ళు ఇంకెవరున్నా పెట్టొచ్చంది. అయితే తన ముందు వేషం కట్టి పద్యం వినిపించాలి. లేకపోతే అది దొంగ సంతకం అవుతుంది, అది మాత్రం తను ఒప్పుకోదు.

మునిరాజు తన మీసం తడుముకుని తల వంచుకున్నాడు. ఆ వేషం ఇంకెవరికీ రాదు. రాకేం, ఒక్కరికి వచ్చు. తెర పక్కన రంగుల డబ్బా పట్టుకుని ముప్పై ఏళ్ళు పెదాలు కదిపిన మనిషికి ఎనిమిది పద్యాలూ వచ్చు. కానీ ఆ స్టేజీ మీద ఏనాడూ ఆడది ఎక్కలేదు, ఎక్కొచ్చని రామక్కకే తోచలేదు.

"ఏమే," అన్నాడు సొన్నప్ప. "నా మొహాన ముప్పై ఏండ్లు రాస్తివి. నీ మొహాన రాసుకోలేవా?"

"నేను కట్టుకుంటే నువ్వేమయిపోతావప్పా? ఒక అద్దంలో ఇద్దరు రాణులుంటారా?"

"హాలే లేకుంటే ఏమయిపోతాను? దూది మూటల ఎనక కూచోవాల. బతికినన్నాళ్ళు మోసింది చాలదా?"

రామక్క రంగుల డబ్బా తెచ్చుకుంది. స్టూలు లాక్కుని అద్దం ముందు కూర్చుంది. తన మొహం కనబడదు కాబట్టి ఆయన మొహం చూస్తూనే రంగు వేసుకోవడం మొదలుపెట్టింది. ఆమె చెంపకి తెల్లటి సఫేదా పూసుకుంటే ఆయన చెంప మీద పూత కరిగిపోయింది. ఆమె కాటుక దిద్దుకుంటే ఆయన కంటి కాటుక పోయింది. ఆమె ఎంత వేసుకుందో అక్కడ సరిగ్గా అంతే తగ్గింది. ముక్కెర కూడా ఆమె ముక్కుకి చేరాక, అద్దంలో గళ్ళ తువ్వాలు భుజాన వేసుకుని, మాసిన గడ్డంతో మండీకి బయల్దేరే సొన్నప్ప మిగిలాడు. ఆ మొహం చూసి మూడేళ్లయింది. రామక్కకి ఏడుపు ముంచుకొచ్చింది. కాటుక చెదిరిపోతుందని ఆపుకుంది.

లేచి నిలబడి మొదటి పద్యం ఎత్తుకుంది. గొంతు జీరబోయింది. రెండోదానికి నిలదొక్కుకుంది. మూడోదానికి కిరణ్మయి కలం కింద పెట్టేసింది. అలక ఎలా నటించాలో రామక్కకి ఎవరూ నేర్పలేదు, నేర్పాల్సిన అవసరమూ లేదు. చెప్పా పెట్టకుండా, నగలైనా తియ్యకుండా వెళ్ళిపోయిన మనిషి మీద మూడేళ్ళుగా దాచుకున్నదంతా ఆ పద్యాల్లో బయటికొచ్చింది. ఎదురు పద్యం చదవాల్సిన రాజు వీరకేతు అది మరిచిపోయి, "తప్పయిపాయె రాణీ" అన్నాడు.

తర్వాత సంతకాలు. రామక్కది ఎడమచేతి వాటం, చిన్నప్పట్నుంచీ అందరూ తిట్టినదే. ఎదురుగా సొన్నప్ప కుడిచెయ్యి కదిపితే ఇవతల ఆమె ఎడమచెయ్యి కదిలింది. ఒక్కొక్క రసీదు మీదా రాణి హేమలేఖ అని నల్లగా, స్పష్టంగా పడింది. కిరణ్మయి అన్నిటికీ సీలు కొట్టి, అప్లికేషన్‌లో కళాకారిణి అన్నచోట రామక్క పేరు రాసుకుని వెళ్ళింది.

గ్రాంటు వచ్చింది. హాలు మండలికే మిగిలింది. లీజు రాయించిన వారం ఆదివారం సాయంత్రం నాటకం. అద్దాన్ని స్టేజీ మీదికి నెట్టడానికి నలుగురూ అలవాటుగా వచ్చారు, అక్కర్లేదని మునిరాజు వెనక్కి పంపించాడు. బయట జనం సర్దుకుని కూర్చుంటున్నారు. మూడో వరసలో కిరణ్మయి, పక్కనే ఆనేకల్ నుంచి వచ్చిన వాళ్ళమ్మ.

గదిలో రామక్క నగలు పెట్టుకుంటోంది. అద్దంలో సొన్నప్ప భుజాన తువ్వాలుతో, చేతిలో రంగుల డబ్బాతో నిలబడి, మెడ వంచి ఆమెని అటూ ఇటూ పరిశీలనగా చూశాడు.

"ఎడమ కనుబొమ్మ దించు," అన్నాడు.

రామక్క దించుకుని, స్టేజీ మీదికి వెళ్ళింది.