బాబిన్ బండెక్కని ఊళ్లు

మా ఆయన కుట్టుమిషన్లు బాగుచేసేవారు. ఆయనకు దుకాణం లేదు. ఒక రొట్టెల కంపెనీ వదిలించుకున్న పాత వ్యాను కొని, పక్కన కిటికీ కోయించి, లోపల ఒక మంచం, చిన్న పొయ్యి, పనిబల్ల అమర్చుకున్నారు. మంచం కింద పెట్టెల్లో బెల్టులు, సూదులు, నూనె బుడ్లు ఉండేవి. అలాంటి బండిని ఈ రోజుల్లో క్యాంపర్ అంటారట, మా చెల్లెలు చెప్పింది. ఆయన మాత్రం బండి అనే అనేవారు. నెలలో సగం రోజులు ఆ బండిలోనే చిన్న చిన్న ఊళ్లు తిరిగేవారు. పక్క సీట్లో మా కుక్క బాబిన్ దర్జాగా కూర్చునేవాడు. మిషన్లో దారం చుట్టే బాబిన్ పేరే వాడికి పెట్టారు.

"ఒక్కసారి నువ్వూ రావే" అనేవారు బయలుదేరేటప్పుడల్లా.

మా అత్తగారు మంచంలో ఉండేవారు. ఆవిడను ఎవరికి అప్పగించి వెళ్లను? "వచ్చేసారి చూద్దాం లెండి" అనేదాన్ని. అత్తగారు పోయారు. ఏడాది తిరక్కుండానే ఆయనా పోయారు. ఆ వచ్చేసారి రానేలేదు.

ఆయన పోయాక బాబిన్ ఇంట్లోకి రావడం మానేశాడు. బండి కింద పడుకునేవాడు. నేను తలుపు తీస్తే తలెత్తి, నా వెనక ఇంకెవరైనా వస్తున్నారేమోనని చూసి, మళ్లీ తల వాల్చేసేవాడు. తిండి పెడితే తినేవాడు కానీ నా మొహం చూసేవాడు కాదు.

అద్దె ఇల్లు ఖాళీ చేసి చెల్లెలి దగ్గరికి వెళ్లిపోదామని అనుకున్నాను. దానిది మేడ మీద వాటా. కింద ఉండే ఇంటావిడ కుక్క మాట ఎత్తగానే రెండు చేతులూ అడ్డంగా ఊపేసింది. "మనుషులు ఎంతమందైనా రండి. ఆ జంతువు మాత్రం నా గుమ్మం తొక్కకూడదు" అంది. ఇక బాబిన్‌కు వేరే చోటు చూడక తప్పలేదు. ఉపాయం చెల్లెలే చెప్పింది.

"బావ తిరిగిన ఊళ్లు వాడికి బాగా తెలుసు. బండి తలుపు తీసి వదిలేద్దాం. ఎవరి గుమ్మం ముందు ఆగితే వాళ్లకే ఇచ్చేద్దాం. వాడి ఇష్టమే మన ఇష్టం."

సరేనన్నాను. కానీ వాడు ఎవరి గుమ్మం ముందూ ఆగకూడదని, ఊళ్లన్నీ తిరిగి తిరిగి చివరికి నా దగ్గరికే వచ్చి కూర్చోవాలని నా కోరిక. పైకి అనలేదు. అంటే చెల్లెలు తిడుతుందని తెలుసు.

చెల్లెలు చిన్నపిల్లల బడి వ్యాను నడుపుతుంది. సెలవులు కాబట్టి మా బండి నడపడానికి వచ్చింది. బడి అలవాటు పోతుందా? తాళం తిప్పేముందు ప్రతిసారీ వెనక్కి తిరిగి, "అందరూ ఎక్కారా? ఎవరికైనా బాత్రూం వస్తోందా?" అని అడిగేది. నేనేమో దారి పొడుగునా కనిపించిన బోర్డల్లా చదువుతూ కూర్చున్నాను. అక్షరాలు ఆయన పోయాక నేర్చుకున్నాను, కొత్త మోజు ఇంకా తీరలేదు.

"అక్కా, నీకు చదువొచ్చింది, సంతోషం. మలుపు తిరుగుతుంటే కూడా 'ఇచ్చట టైర్లు మార్చబడును' అని నా చెవిలో అరవక్కర్లేదు."

"మరి మారుస్తారో లేదో తెలియద్దూ?"

"మన టైర్లు బాగానే ఉన్నాయి. నీ నోరే మార్చాలి."

మొదటి ఊళ్లో వంతెన దాటగానే బండి ఆపి తలుపు తీశాం. బాబిన్ దూకాడు. మంగలి దుకాణం దగ్గర ఎడమకు తిరిగి, రెండు సందులు దాటి, పరదాలు కుట్టే ఒక ఇంటి గుమ్మం మీద గడ్డం ఆనించి పడుకున్నాడు. వెనకాల మేమిద్దరం ఆయాసపడుతూ పరుగు. లోపల నేల నిండా నీలం గుడ్డ పరిచి, ఒకామె మోకాళ్ల మీద కూర్చుని అంచులు మడుస్తోంది. మమ్మల్ని చూసి నోట్లో ఉన్న గుండుసూదులు ఒక్కొక్కటీ తీసింది.

"మన బాబిన్ కదూ? ఆయనేరీ?"

చెప్పాను. ఆమె ఆ గుడ్డ మీదే చతికిలబడిపోయింది. కాసేపటికి తనే నవ్వింది.

"మా తోడికోడలు మిషను గట్టిగా తొక్కుతుందమ్మా, నేను మెల్లగా తొక్కుతాను. బెల్టు ఎవరికి తగ్గట్టు బిగిస్తారండీ అంటే, 'మీ ఇద్దర్లో ఎవరు ముందు అలిగితే వాళ్లకి' అనేవారు. ఆ మాటతో ఇద్దరం మూతి బిగించుకుని కూర్చునేవాళ్లం, ఎవరమూ అలగకుండా."

ఇంట్లో ఆయన పెద్దగా మాట్లాడే మనిషి కాదు. అన్నం తిన్నంతసేపూ కంచంలోకి చూస్తూ తినేవారు. ఈ ఊళ్లో ఇలాంటి మాటలు అనేవారా? ఇంకా ఏమనేవారని అడిగాను. ఆమె చెబుతోంది, నేను అడుగుతూనే ఉన్నాను. చెల్లెలు నా భుజం గిల్లేదాకా వచ్చిన పని గుర్తు రాలేదు.

పరదాలామె కుక్కను ఉంచుకోలేనంది. మనవడికి కుక్కలంటే జడుపు. సరేనని లేచాం. బాబిన్ లేవలేదు. పిలిచాం, రొట్టె చూపించాం, బతిమాలాం. చివరికి చెల్లెలు ముందు కాళ్లు, నేను వెనక కాళ్లు పట్టుకుని బస్తాలా మోసుకొచ్చి బండిలో వేశాం. ఊరు దాటి చాలా దూరం వచ్చేవరకూ వెనక అద్దం మీద పడి ఒకటే ఏడుపు.

"ఆవిడ నచ్చినట్టుంది వాడికి" అంది చెల్లెలు.

"అవును, కనిపిస్తూనే ఉంది" అన్నాను. నా గొంతు నాకే పుల్లగా వినిపించింది.

మధ్యాహ్నం రోడ్డు పక్క నీడ చూసి బండి ఆపాం. చెల్లెలు సీట్లోనే నిద్రపోయింది. నేను ఆయన మంచం మీద నడుం వాల్చాను. పరుపు ఒక పక్కనే లోతుగా ఉంది, గోడ వైపు. రెండో పక్క కొత్తగా ఉన్నట్టే ఉంది. ఇన్నేళ్లూ ఆయన ఆ ఇరుకు పక్కనే పడుకున్నారు, ఇటు ఖాళీ వదిలి. కోయించిన కిటికీ సరిగ్గా ఈ ఖాళీ పక్క తలగడకు ఎదురుగా ఉంది. అందులోంచి ఎవరిదో పెంకుల కప్పు, దాని మీద ఆరేసిన దుప్పటి, ఆ వెనక గుట్ట కనిపించాయి. నేను ఆ పక్కన పడుకుని చాలాసేపు అటే చూశాను. మిషను నూనె వాసన వేస్తోంది. ఇంట్లో ఆ వాసన వస్తే చొక్కా విడిచి రమ్మని కసిరేదాన్ని. ఇప్పుడు దుప్పటి ముక్కుకు ఆనించుకుని పీల్చాను.

రెండో ఊళ్లో రైలు గేటు పక్కన చెప్పులు కుట్టే వీధి ఉంది. బాబిన్ చివరి దుకాణం ముందు పడుకున్నాడు. తోలు కుట్టే పెద్ద మిషను, దాని వెనక బట్టతల మనిషి. మా ఆయన పోయిన కబురు విని పని ఆపేశాడు. కుక్కను సంతోషంగా ఉంచుకుంటానన్నాడు కానీ లోపల్నించి భార్య గొంతు వినిపించింది.

"పిల్లి ఈని వారం కాలేదు. అది వస్తే నేనూ పిల్లీ పుట్టింటికి పోతాం, నువ్వూ కుక్కా వండుకు తినండి!"

"పిల్లిని వదిలేసి వెళ్తానంటే ఆలోచిస్తాను" అన్నాడు అతను మెల్లగా, మాకు మాత్రమే వినబడేట్టు.

ఇక్కడా బాబిన్ కదలలేదు. ఇక్కడా మోసుకొచ్చాం. ఈసారి పెనుగులాటలో చెల్లెలి చెయ్యి గీరుకుంది. "బడికి రానని ఏడ్చే పిల్లల్ని కూడా నేనిలా ఎత్తి పడెయ్యలేదు" అని తిట్టింది. నేను బాబిన్ మొహంలోకి చూశాను. ఎవరైనా సరే, నేను తప్ప అన్నట్టు మొహం తిప్పుకున్నాడు.

మూడో ఊరు గుట్ట మీద ఉంది. వీధులు ఎంత ఇరుకంటే చెల్లెలు అద్దాలు మడిచి, ఊపిరి బిగబట్టి నడిపింది. బాబిన్ ఆగిన ఇంటి ముందు గదిలో ఒక టైలరమ్మ బడిపిల్లల యూనిఫారాలు కుడుతోంది. నా ఈడే ఉంటుంది. ఆయన్ను అన్నా అని పిలిచేదట. నన్ను చూడగానే వదినా అని చెయ్యి పట్టుకుంది. విషయం విని కళ్లు తుడుచుకుని, మేము అడక్కముందే తనే అంది.

"వీణ్ణి నాకు వదిలి వెళ్లు వదినా. ఒంటిదాన్ని. వెనక పెరడుంది. పలకరించడానికి నాకూ ఒక ప్రాణి ఉంటుంది."

బాబిన్ అప్పటికే గుమ్మం మీద గడ్డం ఆనించి కళ్లు మూసుకున్నాడు. కాదనడానికి నాకు ఒక్క కారణం దొరకలేదు. ఇల్లు బాగుంది, మనిషి బాగుంది, పెరట్లో నీడ ఉంది. సరేనన్నాను. వీడికి ఉరుములంటే భయమని, స్నానమంటే మరీ భయమని, చెవి వెనక గోకితే ఏదైనా ఒప్పుకుంటాడని చెప్పాను. చెబుతుంటే, ఇవన్నీ ఆయన నాకు చెప్పిన సంగతులేనని తెలిసింది. నేను వాణ్ణి చూసి తెలుసుకున్నది ఒక్కటీ లేదు.

పొద్దు వాలుతోంది. గుట్ట దిగే దారి చీకట్లో ప్రమాదమని టైలరమ్మ వెళ్లనివ్వలేదు. బండి ఆమె గుమ్మం ముందే పెట్టాం. నేను దుప్పట్లు దులిపే వంకతో లోపలికెక్కి తలుపు వేసుకున్నాను. చెల్లెలు తలుపు తోసింది.

"ఏడుస్తున్నావా?"

"లేదే. నూనె బుడ్డి కారింది, తుడుస్తున్నా."

"కళ్లల్లోకా కారింది?"

 చెల్లెలు లోపలికెక్కింది. పక్కన కూర్చుని నా చేతిలోంచి దుప్పటి తీసుకుని మడత పెట్టింది.

తెల్లవారింది. వెళ్లొస్తామని చెప్పడానికి దిగాం. టైలరమ్మ తలుపులు తీసి, మిషను మీద ముసుగు లాగి, టీ కూడా తాగకుండా కూర్చుంది. ఒక ముక్క గుడ్డ సూది కింద పెట్టి తొక్కింది. వీధిలో ఇంకే చప్పుడూ లేదు. బాబిన్ తల ఎత్తాడు. చెవులు నిలబెట్టి, మెడ ఒక పక్కకు వాల్చి విన్నాడు. ఆమె గుడ్డ తిప్పి రెండో అంచు కుట్టింది. దారం తెంపింది. అంతే, బాబిన్ లేచాడు. ముందు కాళ్లు చాపి ఒళ్లు విరుచుకున్నాడు. మమ్మల్ని దాటుకుని తిన్నగా నడిచి బండిలోకి దూకాడు. ముందు సీట్లో కూర్చుని, రోడ్డు వైపు చూస్తూ ఒక్కసారి మొరిగాడు, ఇంకా ఆలస్యం దేనికన్నట్టు.

మేము ముగ్గురం నోరు తెరుచుకుని చూశాం. ముందు టైలరమ్మే తేరుకుంది. నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వుతోంది, కళ్లలో నీళ్లు తిరుగుతున్నాయి.

"అయ్యో వదినా! అన్న మిషను బాగుచేసి ఆ పూటే వెళ్లిపోయేవాడు కాదు. 'వేడి మీద ఏ మిషనైనా తియ్యగానే పలుకుతుందమ్మా, రాత్రంతా చల్లబడనీ, అప్పుడు దాని అసలు గొంతు వింటా' అనేవాడు. ఇదిగో, ఇక్కడే బండిలో పడుకునేవాడు. పొద్దున నేను రెండు కుట్లు వేసేదాకా గుమ్మంలో నిలబడి విని, తలూపి వెళ్లిపోయేవాడు. వీడు నా కోసం పడుకోలేదు వదినా. మిషను కోసం పడుకున్నాడు!"

రెండు గంటల పనికి రెండు రోజులేమిటే అని మా అత్తగారు అనేవారు. ఎక్కడో రెండో కాపురం ఉందేమో చూసుకో అని పక్కింటివాళ్లు నవ్వేవారు. నేనూ నవ్వేదాన్ని. అడిగితే ఆయన, "పని అవలేదు" అని ఊరుకునేవారు. నిజంగానే అయ్యేది కాదన్నమాట.

"అయితే వీణ్ణి ఇక్కడ వదలడం కుదరదు" అంది చెల్లెలు.

"ఎక్కడా కుదరదే. వాడు ఏ మనిషి దగ్గరా ఆగలేదు. పనికి ఆగాడు."

"నీ దగ్గరికీ రాలేదుగా మరి?"

అది నిజమే. నొప్పిగానే తగిలింది. కానీ వాడు బండిలో కూర్చున్నాడు, బండి నాది.

"ఇంటావిడ గుమ్మం తొక్కొద్దంది. వీధి ఆవిడది కాదుగా? బండి నీ ఇంటి ముందు పెట్టు. నేనూ వీడూ అందులో ఉంటాం. తిండికి మేడెక్కి వస్తాను."

"వీధిలో కాపురం పెడతావా? జనం నవ్విపోతారే అక్కా!"

"నవ్వనీ. మీ బావ ఇన్నేళ్లూ వీధిలోనే కదా పెట్టింది."

చెల్లెలు ఆకాశం వైపు చూసింది. "వానొస్తే మేడెక్కుతానని ఒప్పుకో ముందు" అంది.

"వీడితోనా?"

"వీడితోనే. ఇంటావిడ నిద్రపోయాక."

టైలరమ్మను ఇంకొక్క కుట్టు వెయ్యమని అడిగాను. గుమ్మంలో, ఆయన నిలబడేచోట నిలబడి విన్నాను. నాకేం తెలుస్తుంది మిషను గొంతు? టకటకమని ఒకే తీరుగా పోతోంది, ఎక్కడా తడబడలేదు. ఆయన చెయ్యి పడి ఎన్నాళ్లయిందో. ఆమె ఆపింది, నేను ఇంకొక్కటి అన్నాను. బండిలోంచి బాబిన్ విసుగ్గా మొరిగాడు.

గుట్ట దిగాక చెల్లెలు ఇంటి దారి పట్టబోయింది. నేను వద్దన్నాను. రెండు ఊళ్లలో వాణ్ణి పని మధ్యలో ఈడ్చుకొచ్చేశాం, వెనక్కి వెళ్దామన్నాను. "సెలవులు ఇంకా ఉన్నాయిలే" అని బండి తిప్పింది.

చెప్పుల వీధికి చేరేసరికి సాయంత్రమైంది. బట్టతల మనిషి తన మిషను మీద తోలు ముక్కలు సర్దుతున్నాడు. పొద్దున మొదటి కుట్టు వేసేటప్పుడు మమ్మల్ని కూడా విననిస్తారా అని అడిగాను. అతను ఎందుకని అడగలేదు. లోపలికెళ్లి నాకో పీట తెచ్చి వేశాడు. బాబిన్ తన గుమ్మం మీద తను గడ్డం ఆనించి పడుకున్నాడు. నేను పక్కన కూర్చున్నాను. గేటు పడింది, రైలు వెళ్లింది, గేటు లేచింది. దుకాణాలు ఒక్కొక్కటే మూస్తున్నారు. ఆయన ఇక్కడ కూర్చుని ఈ వీధినే చూస్తూ ఉండి ఉంటారు, పక్కన నాకు చోటు వదిలి. మిషను ఇంకా వెచ్చగానే ఉంది.