సొరుగు నిండా కళ్ళు

మేనత్త చేసేది పెట్టుడు కళ్ళు. కన్ను పోగొట్టుకున్నవాళ్ళకి, ఉన్న కన్నుకి జోడీ కుదిరేలా ఇంకోటి చేసి పెట్టడం. అచ్చు పోయడం, సానబట్టడం ఆవిడ పని. నల్లగుడ్డుకి రంగులు వేయడం మేనకోడలి పని. మేనకోడలికి ఈ పని మీద ఏనాడూ మనసు లేదు. చిత్రకారిణి గారు మరి! గోడంత బొమ్మలు వేయాల్సిన చేతులు చొక్కా బొత్తమంత కళ్ళకి అంకితమైపోయాయని ఆవిడగారి దిగులు. ఎప్పుడో ఒకసారి బొమ్మల ప్రదర్శన పెడితే చుట్టాలు తప్ప ఎవరూ రాలేదు, వచ్చిన చుట్టాలు టీ తాగి వెళ్ళిపోయారు. అయినా ఆ దిగులు పోలేదు.

ఆ వేళ పొద్దున్నే తెగించి చెప్పేసింది. ప్రకటనల కంపెనీలో బొమ్మలు వేసే ఉద్యోగం వచ్చిందని, సాయంత్రంలోగా ఏదో ఒకటి తేల్చమన్నారని, వెళ్ళిపోదామనుకుంటున్నానని. వయసు మీదపడి అత్త చేతులు సన్నటి కుంచె పట్టడం మానేసి చాలా కాలమైంది. ఈమె కూడా పోతే ఇక తలుపులు మూసుకోవడమే. ఆ మాట అత్త ఎత్తలేదు. ఎత్తినా బాగుండేది, పోట్లాడటానికి వీలుండేది. ఆవిడ లేచి వెళ్ళి, బీరువా కింది సొరుగును ఊడబెరికి తెచ్చి బల్ల మీద పెట్టింది.

సొరుగు నిండా కళ్ళు. మేనకోడలు వేసినవే, జోడీ కుదరలేదని అత్త పక్కన పడేసినవి. అత్త వాటిని వరసగా పేర్చి, ఆమె ముందు చేతి అద్దం నిలబెట్టింది.

"నీ కన్ను చూసుకుని వీటిని చూడు," అంది.

ఆమె చూసింది. ముసలివాళ్ళ కోసం వేసినా, పసివాళ్ళ కోసం వేసినా ప్రతి కంట్లోనూ అదే ముదురు గోధుమరంగు, కింది అంచున అదే పసుపు మచ్చ. ఆ మచ్చ తన కంట్లో ఉందని ఆ క్షణం దాకా ఆమెకు తెలియనే తెలియదు. ఎవరెవరి ఎదుటో కూర్చుని ఇన్నాళ్ళూ తనను తానే వేసుకుంటూ వచ్చింది. ఇప్పుడు సొరుగు నిండా తనే ఉండి, రెప్ప వేయకుండా తనకేసి చూస్తోంది.

"ఈ పనిలో అందరికీ వచ్చే జబ్బే ఇది," అంది అత్త. "ఎదుటివాళ్ళని చూడకపోతే చెయ్యి తనకి తెలిసిందే వేసుకుపోతుంది. నాకూ వచ్చింది, తగ్గింది. వెళ్తానంటే అడ్డుపడను. కానీ ఎక్కడికెళ్ళినా ఈ చెయ్యి నీతోనే వస్తుంది కదే."

ఆమెకు ముందు కోపం వచ్చింది, తర్వాత సిగ్గేసింది. తను వేసిన కొండలు, సముద్రాలు గుర్తొచ్చాయి. వాటిలో ఒక్కటి కూడా కళ్ళారా చూసి వేసింది కాదు.

అంతలో వెల్డింగ్ పనిచేసే మనిషి ఒకతను తల్లిని వెంటబెట్టుకుని వచ్చాడు. నిప్పురవ్వ పడి కన్ను పోయిన నాటి నుంచి తల్లి ఎదుట నల్లద్దాలు తీయలేదట. పోయింది ఏ కన్నురా అని ఆవిడ అడిగితే విసుక్కునేవాడట, చెప్పేవాడు కాదట. తల్లిని బయట కూర్చోబెట్టి ఒక్కడే లోపలికొచ్చాడు.

ఆమె అతన్ని కిటికీ పక్కన కూర్చోబెట్టి, కుంచె ముట్టుకోకుండా అతని మంచి కంట్లోకి చూసింది. మొదట గోధుమరంగే. అందరిదీ అంతేగా అనిపించింది. ఇంకాసేపు చూసేసరికి ఆ రంగు విడిపోయింది. తుప్పు రంగు, తేనె రంగు, నడుమ సన్నటి ఆకుపచ్చ వలయం. కంటిపాప చుట్టూ నేతపోగుల్లాంటి గీతలు లెక్కలేనన్ని, ఏ రెండూ ఒక్కలా లేవు. బయట మబ్బు పట్టగానే ఆ పోగులన్నీ వెనక్కి ముడుచుకుని పాప పెద్దదైంది. ఎండ రాగానే మళ్ళీ సాగాయి. అమ్మో, ఇది ఊపిరి పీలుస్తోంది! ఇంత లోకాన్ని మొహంలో పెట్టుకుని తిరుగుతున్నాడు, పాపం, అతనికే తెలియదు. వీధిలో పోయే ప్రతి మనిషీ ఇలాంటివే మోసుకుపోతున్నాడు, తను ఒక్కరినీ చూడలేదు. ఆమె చటుక్కున వెనక్కి జరిగి కూర్చుంది.

ఏమైందమ్మా, కుదరదా అని భయంగా అడిగాడతను. కుదురుతుంది, కాస్త కదలకండి అని కుంచె అందుకుంది. ఆ తర్వాత తనొకత్తి ఉన్న సంగతే మర్చిపోయింది. అన్నం వేళ దాటిపోయినా ఆకలి తెలియలేదు.

అత్త దాని మీద గాజులాంటి పూత పోసి, ఆరబెట్టి, సానబట్టి అమర్చేసరికి సాయంత్రమైంది. తల్లిని పిలిచారు. కొడుకు నల్లద్దాలు తీసి తలొంచుకున్నాడు. ఆవిడ గడ్డం పట్టి ఆ మొహాన్ని పైకెత్తి, వెలుతురుకి తిప్పి, ఒక కంటి నుంచి ఇంకో కంటికి చూపు మారుస్తూ చాలాసేపు నిలబడిపోయింది. చివరికి, మేనకోడలు వేసిన కన్ను కింద బొటనవేలు ఆనించింది.

"ఇదొక్కటైనా మిగిలింది నాన్నా, నాకంతే చాలు," అంది.

కొడుకు నోరు తెరిచాడు, దిద్దలేక మూసుకున్నాడు. మేనకోడలు గోడకు చేరగిలబడింది. గొప్ప బొమ్మ వేశానన్న గర్వం కాదు, అందులో తను ఎక్కడా లేదన్న సంతోషం. ఇలాంటి సంతోషం ఒకటుంటుందని ఆమెకు ఎవరూ చెప్పలేదు.

తల్లీకొడుకులు వెళ్ళాక, ఫోను తీసి ఆ కంపెనీవాళ్ళకి రావడం లేదని చెప్పేసింది. అత్త విననట్టే బల్ల తుడుస్తోంది.

"అత్తా, ఆ గుడ్డ అవతల పెట్టి ఇటు తిరుగు," అంది ఆమె. "ఇన్నేళ్ళుగా నీ ఎదురుగానే కూర్చుంటున్నాను. నీ కళ్ళు ఏ రంగో చెప్పమంటే నేను చెప్పలేను."

అత్త కళ్ళజోడు తీసి, కిటికీ పక్కన వచ్చి కూర్చుంది.