మాటల్లేని వంతు

చేతకానివాళ్ళకు తేలిక పని అప్పగించడం దయేనా? ఈ సందేహం ఎన్నో ఏళ్ళుగా నన్ను వదలడం లేదు. ప్రార్థనకు కూర్చున్నప్పుడు కూడా వచ్చి పక్కనే కూర్చుంటుంది. నోరిచ్చిన భగవంతుడు మాట కూడా ఇచ్చే ఉంటాడు గదా, మరి కొందరి మాట ఎక్కడ ఆగిపోతోంది? పూర్తి జవాబు నాకు తెలియదు. తెలిసిన సంగతి ఒకటి మాత్రం చదువరుల ముందు పెడుతున్నాను.

ఆ బడిలో మూడో తరగతి గదికి ఒకటే కిటికీ. దానికి ఎదురుగా పక్క భవనం గోడ. మిట్టమధ్యాహ్నం కూడా లైటు వేసుకుని చదవాలి. పుస్తకం తీయమంటే పిల్లల మొహాలు కూడా ఆ గది లాగే అయిపోయేవి. టీచరమ్మ మంచి మనిషి. ఏం చేస్తే వీళ్ళు చదువుతారా అని ఆలోచించి, సొంత డబ్బుతో బెంచీకి ఒకటి చొప్పున బొమ్మల కథల పుస్తకాలు కొనుక్కొచ్చింది. మనుషులు పుట్టకముందు తిరిగిన రాక్షస బల్లుల కథ అది. అందులో అడవినంతా హడలగొట్టే కోరల బల్లికి పంటినొప్పి. మూడుకొమ్ములావిడకు ఇరుగుపొరుగుతో పడదు. పొడుగుమెడాయన కాలికి ముల్లు గుచ్చుకుంటే ఆ కబురు తలకు చేరేసరికి తెల్లారిపోతుంది.

ఒక్కొక్కరూ ఒక్కో జంతువై, బొమ్మల పక్కన బుడగల్లో రాసిన దాని మాటలు పైకి చదవాలి. నెల తిరక్కుండానే పిల్లలు వంతుల కోసం కొట్టుకోసాగారు. పక్క తరగతుల పంతుళ్ళు వచ్చి గుమ్మంలో నిలబడి నవ్వి పోయేవారు.

చివరి బెంచీలో ఒక పిల్ల ఉండేది. ఇంట్లో బుజ్జి అంటారు. విడివిడిగా అక్షరాలన్నీ వచ్చు. కలిపి చదవమంటే నాలుక మడతపడేది. మొదటిసారి తన వంతు వచ్చినప్పుడు లేచి నిలబడి, పుస్తకం వంక చూస్తూ కళ్ళనీళ్ళు పెట్టుకుంది. టీచరమ్మ మనసు కరిగిపోయింది. ఆ కథలో వీపంతా రాయిలా ఉండే రాతిమామ అనే జంతువు ఉంది. ఎవరేమన్నా దాని జవాబు ‘ఊఁహూఁ’, అంతే. ఆ వంతు బుజ్జికి ఇచ్చింది.

బుజ్జి బుగ్గలు పూరించి, తల వంచి, కడుపులోంచి ‘ఊఁహూఁ’ అంది. తరగతి తరగతంతా పొట్ట పట్టుకుని నవ్వింది. ఆ రోజు నుంచి ఆ వంతు ఆమెదే, ఆ పేరూ ఆమెదే. కుళాయి దగ్గర, మెట్ల మీద, “మామా, ఒక్కసారి అనవే” అని పిల్లలు వెంటపడేవారు. ఆమె అనేది. తనిఖీకి వచ్చిన పెద్దలు కూడా అన్నిటికంటే ఆ ‘ఊఁహూఁ’కే ఎక్కువ చప్పట్లు కొట్టి, టీచరమ్మను మెచ్చుకుని వెళ్ళారు. ఆ పిల్ల ఆ ఏడాది ఒక్క వాక్యం కూడా పైకి చదవలేదన్న సంగతి ఎవరికీ పట్టలేదు.

బుజ్జి తండ్రి లారీ టైర్లకు పంక్చర్లు వేస్తాడు. పరీక్షలకు నెల ఉందనగా, టీచరమ్మ పుస్తకాలను ఇళ్ళకు పంపింది. నల్లబడిన చేతులతో ముట్టుకోవడానికి మనసొప్పక, ఆయన రెండుసార్లు సబ్బుతో కడుక్కొచ్చి కూతురి పక్కన కూర్చున్నాడు. ఆమె రాతిమామలా ‘ఊఁహూఁ’ అంటే దగ్గు వచ్చేదాకా నవ్వాడు.

“ఇప్పుడు ఈ కొమ్ములావిడ ఏమంటోందో చదువు తల్లీ.”

“ఊఁహూఁ.”

ఆయన మళ్ళీ నవ్వాడు, కాస్త తక్కువగా. పేజీ తిప్పి ఇంకో బొమ్మ మీద వేలు పెట్టాడు.

“మరి ఇదో?”

“ఊఁహూఁ.”

ఈసారి నవ్వలేదు. దానికి ఆటలెక్కువని వంటింట్లోంచి తల్లి అంది. ఇది ఆట కాదని చెప్పి ఆయన పుస్తకం మూసేశాడు.

మర్నాడు పని మానుకుని బడికి వెళ్ళాడు. ఒక పేజీ సొంతంగా చదవలేని పిల్లల్ని నాలుగో తరగతికి పంపరని ఆయనకు తెలుసు. అమ్మాయి ఏడుస్తుంటే చూడలేక ఆ వంతు ఇచ్చానని టీచరమ్మ చెప్పుకుంది.

“మీరు మంచివాళ్ళమ్మా, కాదనను. ఒక్కటే అడుగుతాను. దానికి రాదని మీరు ఇవ్వలేదా, మీరు ఇవ్వలేదు గనక దానికి రాలేదా?”

టీచరమ్మ కుర్చీ జరిపింది, ఆయన కూర్చోలేదు.

“తర్వాత మాటలున్న వంతు ఇస్తానన్నారట. ఇంటికి రాగానే ‘రేపు నాదే నాన్నా’ అనేది. ఈమధ్య అనడం మానేసింది.”

ఆ మధ్యాహ్నమే టీచరమ్మ పొడుగుమెడాయన వంతు బుజ్జికి ఇవ్వబోయింది. ఆ పిల్ల తల అడ్డంగా ఊపింది.

“వద్దు టీచర్. నేను మాట్లాడితే ఎవరూ నవ్వరు.”

ఆ మాట టీచరమ్మకు ముల్లులా దిగింది. ఆ నెలంతా బడి వదిలాక బుజ్జిని దగ్గర కూర్చోబెట్టుకుని చదివించింది. కానీ ఏడాది పోగొట్టుకున్నది నెలలో వస్తుందా? ఫలితాలు చెప్పిన రోజు తోటిపిల్లలందరూ పై అంతస్తులోని నాలుగో తరగతికి వెళ్ళిపోయారు. బుజ్జి ఆ చీకటి గదిలోనే మిగిలిపోయింది. తండ్రి వచ్చి, ఎవరినీ ఒక్క మాట అనకుండా కూతురి చెయ్యి పట్టుకుని వెళ్ళిపోయాడు.

ఆ బొమ్మల పుస్తకం పద్ధతి తామూ మొదలుపెడతామని, దాని కిటుకు చెప్పమని తోటి పంతుళ్ళు అడిగినప్పుడు టీచరమ్మ ఇలా అంది: “ఆ పిల్ల బరువు దించాననుకున్నాను. నిజానికి దించుకున్నది నా బరువు. అది తడబడుతుంటే వినే ఓపిక నాకు లేకపోయింది, దానికి దయ అని పేరు పెట్టుకున్నాను. పిల్లల్ని నవ్వించండి, తప్పు లేదు. ఆ నవ్వు కోసం ఎవరి నోట్లోంచి మాట తీసేశామో మాత్రం చూసుకోండి.”

కొత్త ఏడాది మొదలైంది. చుట్టూ తనకంటే చిన్నవాళ్ళు, ముక్కూమొహం తెలియనివాళ్ళు. బుజ్జి తల వంచుకుని చివరి బెంచీలోనే కూర్చుంది. టీచరమ్మ అదే పుస్తకం తెరిచి, ఈసారి ‘ఊఁహూఁ’ తను అంటానని చెప్పింది. తర్వాత బుజ్జి దగ్గరికి వెళ్ళి ఒక బుడగ చూపించింది.

ఆ పిల్ల లేచి అక్షరాల మీద వేలు పెట్టింది. ఎవరో నవ్వబోతే టీచరమ్మ చూపుతోనే ఆపింది.

“కొండ... వె... వెనకాల... ఎ... ఎవరున్నారు?”

చదవడం అయ్యాక కూడా బుజ్జి అక్షరాల మీద నుంచి వేలు తీయలేదు. ఎవరూ నవ్వలేదు. ఏడాదిగా టీచరమ్మ ఆ పిల్లకు పడిన బాకీ, ఆ మూడు మాటల బాకీ, అలా తీరింది.