శనివారం గంప

గింజలేరే కొత్త మిషనుకు చూపించడానికి మేలైన విత్తనాలు ఒక డబ్బాలో, పుచ్చినవీ ముడతలు పడినవీ ఇంకో డబ్బాలో కావాలన్నాడు కంపెనీ నుంచి వచ్చిన మెకానిక్కు. రెండింటినీ చూపిస్తే ఆ పైన మంచీ చెడ్డా అదే గుర్తుపడుతుందట. ఆ మాట పట్టుకుని తొమ్మిదిమంది ఆడవాళ్ళు పొద్దున్నుంచి నడుం ఎత్తకుండా ఏరుతున్నారు. శివరాత్రి వెళ్ళి వారమైనా కాలేదు, కంబదూరు బయట ఆ శెనక్కాయల మిల్లులో రేకుల కప్పు అప్పుడే పెనంలా కాలుతోంది. ఎర్రదుమ్ము చెమటకు అంటుకుని అందరి ముఖాలూ ఒకే రంగుకు వచ్చాయి.

“పెండ్లికూతురికి ముత్యాలేరినట్ల ఏరుతాండాం గదమ్మే. ఇనపదానికి ఇంత మురిపెమెందుకో,” అంది సిద్దమ్మ చాట కుదుపుతూ.

“గమ్మున ఏరు. మన ఈశ్వరి నడిపే మిషను అది. తప్పు పట్టిందంటే మాటపడేది ఈశ్వరి,” అంది హనుమంతమ్మ. గుంపులో అందరికంటే పెద్దది ఆమె.

ఆ మాటలు ఈశ్వరి చెవిన పడుతూనే ఉన్నాయి. మిషను పక్కన నిలబడి, వాళ్ళు ఏరి పంపిన డబ్బాలు అందుకుంటోంది. కాళ్ళకు కంపెనీ బూట్లు, నెత్తిన టోపీ. నిన్నటిదాకా ఆమె కూడా ఆ చాటల మధ్య కూర్చున్న మనిషే, గుంపులో పదోది. ఈ పూట వాళ్ళవైపు తిరిగి చూడడానికి ఆమెకు ముఖం చెల్లడం లేదు.

పొద్దున పనిలోకి వచ్చీ రాగానే మిల్లు యజమాని విష్ణువర్ధన్ ఆమెను ఆఫీసు గదిలోకి పిలిచాడు. చెడ్డవాడని చెప్పడానికి లేదు. పండక్కి చీరలు పెడతాడు, గొంతెత్తి తిట్టడు. ఆ మెత్తని గొంతుతోనే చెప్పాడు.

“వీళ్ళందురూ పొద్దంతా ఏరేది ఆ మిషను గంటలో ఏరి పారేస్తాది ఈశ్వరీ. రేపటినుంచి వాళ్ళు రానక్కర్లేదు. సాయంత్రం నువ్వే చెప్పు. నేను చెప్తే, మీ నాయన కాలం నుంచి ఉండామని ఏడుస్తారు. నువ్వయితే వాళ్ళ మనిషివి, గలాటా లేకుండా పోతారు.”

ఆమెకు మాత్రం ఇకనుంచి నెల జీతమట. ఈశ్వరి తలవంచుకుని బయటికి వచ్చి బూట్లు తొడుక్కుంది. ఎదురు చెప్పడం ఆమెకు అలవాటు లేదు.

ఈ మిల్లులో ఏరుడు పనిని ఒక్కొక్కరికి ఇవ్వరు, గుంపుకిస్తారు. గుంపు ఏరిన మూటలకు కూలి, ఆ కూలి అందరికీ సమానంగా వాటాలు. ఎవరికి జ్వరమొచ్చినా, ఎవరు బాలింత అయినా, ఎవరింట్లో చావు పడినా ఆమె గంపను తక్కినవాళ్ళు తలా కాస్త ఏరి నింపుతారు. వాటా మాత్రం తగ్గనివ్వరు. ఈ కట్టుబాటు ఎవరు పెట్టారో వాళ్ళకే తెలియదు. వాన నమ్మించి మోసం చేసే నేలమీద మనిషిని మనిషి నమ్ముకోవడం తప్ప ఇంకో దారి తోచక పెట్టుకున్నారేమో.

పోయిన ఏడాది యూనివర్సిటీ నుంచి ఆనంద్ సార్ ఈ మిల్లుకు వచ్చాడు. పనులు మారిపోతున్నాయి, చదువు కూడా పనిచేసేవాళ్ళ దగ్గరికి రావాలి అన్నాడు. నేర్చుకోవడానికి వయసు అడ్డం కాదన్నాడు. మిల్లుల్లోకి కెమెరా మిషన్లు వస్తున్నాయి, వాటిని నడిపేవాళ్ళు కావాలి, శనివారం శనివారం కళ్యాణదుర్గంలో క్లాసులు అన్నాడు. ఆడవాళ్ళు చాటలు పక్కన పెట్టి విన్నారు. అంత మర్యాదగా వాళ్ళతో మాట్లాడిన చదువుకున్న మనిషి అంతకుముందు లేడు. పదిమందీ వస్తామన్నారు. అప్పుడు ఆయన కొంచెం ఇబ్బందిపడి, పదో తరగతి పాసై ఉండాలమ్మా, అదీ మిల్లుకు ఒక్క సీటే అన్నాడు.

పదో తరగతి పాసైంది ఈశ్వరి ఒక్కతే. అదీ పెళ్ళికి ముందు మాట. ఇప్పుడామెకు నలభై దగ్గరపడుతున్నాయి. నావల్ల కాదని మొరాయిస్తే హనుమంతమ్మ తేల్చేసింది.

“నువ్వు పో పాపా. శనివారం నీ గంప మేమేరుతాము. నేర్చుకోనొచ్చి మాకు చెప్పు. పదిమందిమీ కలిసి నడుపుదాం దాన్ని.”

వాళ్ళు చేసిన పొరపాటు అదే. కూలి పంచుకున్నట్టే చదువునూ తెచ్చి పంచుకోవచ్చనుకున్నారు. అందరూ మోస్తే అందరిదీ అవుతుందనుకున్నారు పిచ్చితల్లులు. లోకం తెలిసినవాళ్ళు విని నవ్వుకుంటే నవ్వుకోవచ్చు. ఆ శనివారాలు ఈశ్వరి గంప ఖాళీగా ఉండడం మాత్రం ఎవరూ చూడలేదు.

ఈశ్వరి కూడా ఊరికే కూర్చుని రాలేదు. మొదట్లో కంప్యూటర్ మీద చెయ్యి పెట్టాలంటే భయపడేది. వెనక బెంచీలో కూర్చుని, తన కూతురి వయసు పిల్లలు ఏం రాసుకుంటే అదే రాసుకునేది. రానురాను అర్థం కాసాగింది. ఒకరోజు ఆనంద్ సార్ అడిగినదానికి క్లాసులో అందరికంటే ముందు జవాబు చెప్పి, ఆ సంతోషం ఎక్కడ పెట్టుకోవాలో తెలియక బస్సులో కొంగు అడ్డం పెట్టుకుని నవ్వుకుంది. తనలో ఇంకా ఏదో మిగిలి ఉందని ఆమెకు తెలిసిన రోజు అది. ఆ సంతోషం అబద్ధం కాదు.

నేర్చుకున్నది నేర్చుకున్నట్టు సద్దులు తినే వేళ మిల్లు నేలమీద గీసి చూపేది. ఇది గింజలు పడే గొట్టం, ఇవి కెమెరాలు, ఇక్కడ గాలి కొట్టి పుచ్చు గింజను పక్కకు తోస్తుంది. “అన్ని కండ్లుంటే దానికి దిష్టి తగలదా?” అని సిద్దమ్మ, “నా కండ్లకు పొరలొచ్చినాయి, దానికి రావా?” అని హనుమంతమ్మ. నవ్వుతూనే అన్నీ గుర్తుపెట్టుకునేవాళ్ళు. ఒకసారి ఈశ్వరి క్లాసులో అడిగింది, మిషను ఇంత ఏరితే మనుషులేం చేస్తారని. కొత్త పనులు పుడతాయమ్మా అన్నాడు ఆనంద్ సార్. ఆయన కూడా అది నమ్మే చెప్పాడు.

మధ్యాహ్నం దాటాక ఆయనే కారులో వచ్చి దిగాడు. తన విద్యార్థిని మొదటిసారి మిషను నడుపుతుంటే చూడాలని వచ్చాడు, చేతిలో మిఠాయి పొట్లం కూడా ఉంది. ఈశ్వరి ఆయనను మూటల చాటుకు తీసుకుపోయింది.

“సార్, తక్కిన తొమ్మిదిమందికీ నేర్పించండి సార్. ఏదో ఒక పని. మిషన్లు తుడిచేదో, రిపేరో, ఏదైనా.”

“వాళ్ళకు పదో తరగతి లేదు కదమ్మా.”

“నేను చెప్పిందంతా వాళ్ళకొచ్చు సార్. కావాలంటే అడిగి చూడండి.”

ఆనంద్ తలవంచుకున్నాడు. “చదువు లేకపోయినా చేర్చుకునేట్టు ఒక కోర్సు పెట్టాలని నేను పైకి రాశాను. వచ్చే ఏడాదికి కావచ్చు.”

“వచ్చే ఏడుకు వీళ్ళు ఈడ ఉండరు సార్. రేపే ఉండరు.”

ఆయనకు సంగతి అప్పుడు అర్థమైంది. మిఠాయి పొట్లం ఎక్కడ పెట్టాలో తెలియక అలాగే పట్టుకుని నిలబడ్డాడు.

పొద్దు వాలింది. మెకానిక్కు రెండు డబ్బాలూ మిషనుకు చూపించాడు. ఒక మూట పోసి చూస్తే ఒక్క పుచ్చుగింజ కూడా తప్పిపోలేదు. ఆడవాళ్ళు తామే గెలిచినట్టు ముఖాలు వెలిగించుకుని చూశారు. ఇక మూటలన్నీ పోసి నడపడమే తరువాయి. విష్ణువర్ధన్ ఈశ్వరి దగ్గరికి వచ్చాడు.

“చెప్పినావా?”

“లేదు సార్.”

“మరి చెప్పు. పొద్దు పోతాంది.”

“నేను చెప్పను సార్.”

గొంతు పెద్దగా లేదు. అయినా చాటలు సర్దుకుంటున్న ఆడవాళ్ళ చేతులు ఆగిపోయాయి. విష్ణువర్ధన్ ముఖం ఎర్రబడింది. “చెప్పనంటే ఎట్ల? ఇది నడిపేదానికి నువ్వొక్కదానివే ఉండావనుకుంటివా? రేపు హిందూపురం నుంచి ఎవుడో ఒకడొస్తాడు.”

హనుమంతమ్మ మోకాళ్ళమీద చేతులు ఆనించి లేచింది.

“మాకు చెప్పేసిందిలే విష్ణప్పా. పొద్దున్నే చెప్పింది. ఈ డబ్బాలు నింపేసి పోదామని కూచుంటిమి, అంతే.”

ఆమె అబద్ధం చెప్పిందని విష్ణువర్ధన్‌కూ తెలుసు. సిద్దమ్మ మాత్రం నోరు తెరిచి, “ఏం చెప్పింది? మాకు నేర్పిస్తానంటివి గద ఈశ్వరీ...” అంటూ ఆగిపోయింది. హనుమంతమ్మ ఆమె చేతిలోని చాట తీసుకుని గోడకు ఆనించింది. రేపటినుంచి పని లేదని అప్పుడు అందరికీ అర్థమైంది. ఒకరి తర్వాత ఒకరు లేచి కొంగులు దులుపుకున్నారు.

హనుమంతమ్మ ఈశ్వరి దగ్గరికి వచ్చి చెయ్యి పట్టుకుంది. “పొద్దున నువ్వు సద్ది ముట్టనప్పుడే తెలిసింది పాపా నాకు. ఏడవగాకు. పనిలోకి పో.”

“నాకొద్దు పెద్దమ్మా. నేనూ వస్తా.”

“ఆ మాటనద్దు. ఇన్ని శనివారాలు నీ గంప మేమేరింది నేలపాలు చేస్తావా?”

మిషను నడిపితే వాళ్ళ కూడు పోతుంది, నడపకపోతే వాళ్ళ కష్టం పోతుంది. ఈశ్వరి తొమ్మిదిమందీ గేటు దాటేదాకా చూసి, కొంగుతో ముఖం తుడుచుకుని మీట నొక్కింది. మిషను ఒక్కసారి గుర్రుమని మొదలైంది. గింజలు జలజలా పడసాగాయి. విష్ణువర్ధన్ తృప్తిగా తల ఆడించి ఆఫీసులోకి పోయాడు.

ఆనంద్ ఇంకా వెళ్ళలేదు. బాధపడుతూనే ఉన్నాడు, అయినా వచ్చిన పని చేసుకుపోవాలి కదా. ఫోను తీశాడు.

“ఒక్క ఫోటో అమ్మా. మన కోర్సు వల్ల పని వచ్చిన మొదటి మనిషివి నువ్వే. ఇది చూపిస్తేనే పైవాళ్ళు ఇంకో కోర్సు ఇస్తారు.”

“తియ్యద్దండి సార్.”

“నీ మంచికే కదా.”

ఈశ్వరి ఆయనకు అడ్డంగా చెయ్యి పెట్టింది. అంత పెద్ద మనిషికి చెయ్యి అడ్డం పెట్టడం ఆమె బతుకులో అదే మొదలు.

“శనివారం శనివారం మీ క్లాసులో నాకు హాజరు వేసినారు గదా సార్. ఆ పొద్దు నా గంప ఏరింది వాళ్ళు. వాళ్ళకు యాడ వేసినారు హాజరు?”

ఆనంద్ ఫోను దించేశాడు.

గేటు బయట ఊరికి పోయే ఆటో నిలబడి ఉంది. గుంపంతా కలిసి మాట్లాడుకున్న ఆటో అది, పొద్దున తెచ్చి సాయంత్రం తీసుకుపోతుంది. తొమ్మిదిమంది ఎక్కి కూర్చున్నా డ్రైవరు కదలలేదు. ఇంకొకరు రావాలని హారన్ కొట్టాడు. మిషను మోతలో కూడా ఈశ్వరికి అది వినిపించింది. పదో మనిషి ఇక రాదని ఆటోలో ఎవరూ వాడికి చెప్పలేదు కాబోలు, కాసేపాగి మళ్ళీ కొట్టాడు.