పదకొండింటికి లేచి నిలబడాల్సిన బండి

మూడు వేళ్లు, నిన్న రెండే, ఇవాళ మూడు వేళ్ల మందం దిగింది, బండి ఎడమ వెనక చక్రానికీ పైన రేకు అంచుకీ మధ్య నిన్న నా నాలుగు వేళ్లు పట్టాయి, ఇవాళ మూడే దూరుతున్నాయి, ఇంకొకరి వాకిలైతే ఇంతలా తెలిసేది కాదు, ఎత్తుపల్లాల్లో కలిసిపోయేది, ఈ వాకిలి మా ఆయన స్వయంగా వేసుకున్నది, ఊరందరి ఇళ్లలో బండలు పరిచే మనిషి తన వాకిలి కూలీలకి ఇవ్వనని మూడు ఆదివారాలు మోకాళ్ల మీద పాకుతూ వేసుకున్నాడు, రసమట్టంలో బుడగ వెంట్రుకవాసి జరిగినా బండ పీకి మళ్లీ వేశాడు, వెనకాలే నేను సందుల్లో సిమెంటు పాలు పోసి స్పాంజితో తుడుచుకుంటూ వచ్చాను, ఈ నేల మీద గోళీ పెడితే పెట్టినచోటే ఉంటుంది, అలాంటి నేల మీద ఇంత లావు బండి ఒక పక్కకి ఒరిగి కూర్చుంటే వీధి మలుపులోంచే కనిపిస్తుంది, పదింబావయింది, బండి కొనేవాళ్లు పదకొండింటికి వస్తామన్నారు, మన సందులు వాళ్లకి తెలియవు నేనే ఎదురెళ్లి తీసుకొస్తానని ఆయన పెట్రోలు బంకు దాకా వెళ్లాడు, వెళ్తూ మూడుసార్లు చెప్పాడు, పదిన్నరకి స్టార్ట్ చెయ్యి, ఏసీ ఫుల్లుగా పెట్టు, పది నిమిషాల్లో లేస్తుంది, లేచాక ఆపెయ్యకు, ఇంకో పది నిమిషాలు తిరగనివ్వు, మరి బండి వేడిగా ఉందేమని వాళ్లడిగితే అన్నాను, అడగరు, అడిగితే మీకోసం చల్లబరిచి పెట్టామను అన్నాడు, అంటూ నా ముఖంలోకి చూడలేదు, చెప్పు పట్టీ సరిచేసుకున్నాడు, అది తెగలేదు, వదులవలేదు, అయినా సరిచేసుకున్నాడు.

ఏమ్మా మీ గేదె ఇంకా లేవలేదా, అని పైనుంచి, మేడ మీది పిన్ని, బట్టలారేస్తూ రోజూ అడిగే మాటే, రోజూ నవ్వేదాన్ని, ఇవాళ నవ్వు సగంలో ఆగిపోయింది, ఆ పేరు పెట్టింది మా పాప, సెలవుల్లో మా అమ్మ దగ్గరికెళ్లి గేదె లేవడం చూసొచ్చింది, మొదట వెనక కాళ్లు లేపి పిరుదు గాల్లో పెట్టి కాసేపు ఆలోచించి అప్పుడు ముందు కాళ్లు లేపుతుంది కదా, మన బండీ అంతే అమ్మా అంది, ఆ రోజు ఆయనకి అన్నం సయించలేదు, అంత పోసి కొన్న ఎస్‌యూవీని పట్టుకుని గేదె అంటారా, పోనీ ఏనుగు అనండే అని బతిమాలాడు, ఏనుగు ఇలా లేవదు నాన్నా అని పాప తేల్చేసింది, ఇవాళ సంతకి తోలుతున్నారట కదా, పిన్ని ఇంకా అక్కడే ఉంది, కొనేవాళ్లు పళ్లు చూస్తారు తోమి పెట్టు అంది, తోమాను పిన్నీ పొద్దున్నే అన్నాను, నిజంగానే తోమాను, ముందు జాలీ అంతా పాత బ్రష్షుతో, అద్దాలు కాగితంతో, సీట్లు తడిగుడ్డతో, పాప పెన్సిలుతో గీసిన గీత కూడా పోగొట్టాను, మా ఇంట్లో ఇంత శుభ్రంగా ఉన్న వస్తువు ఇంకోటి లేదు, మనసు మాత్రం మురికి గుడ్డ పిండినట్టుంది.

పదిన్నర, ఎక్కాను, ఎక్కడమంటే ఎక్కడమే, గుమ్మం ఎత్తు మెట్టు దానికి, సీటు చివర కూర్చుంటేగాని నా కాళ్లు అందవు, బటన్ నొక్కాను, ఇంజను శబ్దం పెద్దగా ఉండదు, కింద ఎక్కడో గాలి నింపే పంపుదే గుర్రుమని, ముసలివాళ్లు మెట్లెక్కుతున్నట్టు ఆగి ఆగి, నురగ మెకానిక్ అదే చెప్పాడు, గడ్డం గీసుకునే బ్రష్షుతో సబ్బు నురగ చేసి వెనక స్ప్రింగు బదులుండే గాలి సంచి మడతల మీద పూస్తాడు కాబట్టి అందరూ అతన్ని అలా పిలుస్తారు, నురగలోంచి బుడగలొస్తే అక్కడ పగిలినట్టు, చూడక్కా ఎలా పొంగుతోందో, పాల గిన్నె అనుకో, ఒక సంచి మారిస్తే రెండోది అలుగుతుంది, అన్నీ మారిస్తే ఆ డబ్బుతో నీకు కొత్తది చిన్న కారు వస్తుంది, ఈలోగా ఈ పంపు రాత్రి కారిన గాలంతా పొద్దున్నే మళ్లీ నింపాలి, ఎన్నాళ్లు నింపుతుంది, ఒకరోజు రోడ్డు మధ్యలో నావల్ల కాదంటుంది అన్నాడు, అంది కూడా, మొన్న వానల్లో, దిగుడు రోడ్డు మీద, వెనక సీట్లో పాపా అత్తయ్యా, ముందు పసుపు దీపం వెలిగింది, ఏమిటండీ అది అంటుండగానే వెనక ఎవరో లాగినట్టు కుంగింది, రబ్బరు కాలిన వాసన, టైరు రేకుకి ఒరుసుకుంటున్న చప్పుడు, ఆయన స్టీరింగు గట్టిగా పట్టుకుని పక్కకి లాగుతున్నాడు, వెనక లారీ హారన్ ఆగకుండా మోగుతూనే వచ్చి మా వెనక అద్దం నిండా నిలబడిపోయింది, అత్తయ్య పాపని కప్పేసి వంగిపోయింది, ఆ వంగిన వీపు, అదే ఇప్పటికీ కళ్ల ముందు, ఆ రోజు నుంచి అత్తయ్య బస్సులోనే తిరుగుతోంది, నేను చచ్చినా ఆ ఇనప్పెట్టె ఎక్కను అంది, ఆ పసుపు దీపం నిన్న మెకానిక్ చేత ఆర్పించాడు ఆయన, మూడు రోజులు రాదన్నా, నాలుగో రోజు నా పూచీ లేదు అన్నాడు అతను, ఇదిగో లేస్తోంది, నడుము కింద ఎవరో చెయ్యి పెట్టి ఎత్తినట్టు, మొదట వెనక వేపు, గేదె, అచ్చం గేదె.

ఈ బండి మోజు ఆయనకి ఊరికే రాలేదు, అది నేనెవరితోనూ అనను గానీ చూశాను కదా, ఆ పెద్దింటి గేటు దగ్గర, రసమట్టం, కోత మిషను మోపెడ్ మీద కట్టుకుని మేమిద్దరం వెళ్లాం, పని వాళ్లు వెనక గేటు అన్నాడు కాపలావాడు, సార్ రమ్మన్నారండి కొలతలకి అంటే, కొలతలైనా వెనక గేటే అన్నాడు, ఆ వెనక గేటు ఇంటి చుట్టూ తిరిగి పోవాలి, చుట్టూ తిరిగాం, ఆ తర్వాత ఏడాదికి ఈ బండి, అదే ఇంటికి మరమ్మతుకి వెళ్తే అదే కాపలావాడు ముందు గేటు బార్లా తీసి సలాం కొట్టాడట, ఆ సలాం ఇంట్లో చేసి చూపించాడు, పాప చేత కూడా చేయించాడు, కానీ చిన్న ఇళ్లవాళ్లు పిలవడం మానేశారు, ఇంత బండిలో వచ్చేవాడికి మా వంటగది కంటికేం ఆనుతుంది అని ఒకళ్లు, మా వరండా డబ్బులతోనే కొన్నావా ఏం అని ఒకళ్లు, బండి ఉన్నందుకు పని తగ్గింది, పని తగ్గాక బండి వాయిదా మాత్రం తగ్గలేదు, ఇది పోతే మళ్లీ మనిషిలా నిద్రపోతానే అన్నాడు నిన్న, కొన్నప్పుడు కూడా నిద్రపోలేదు, అప్పుడు సంతోషంతో.

చల్లగా ఉంది లోపల, ఒంటి మీద వెంట్రుకలు లేచాయి, ఈ చలి నాకు తెలుసు, ఎక్కడ, పళ్ల డాక్టరు ఇంట్లో, ఆయన దగ్గరే కొన్నాం, మేం వెళ్లేసరికి బండి చెట్టు నీడలో నిగనిగలాడుతూ నిటారుగా నిలబడి ఉంది, తలుపు తీయగానే లోపలినుంచి చల్లగాలి ముఖాన కొట్టింది, ఎండన పడి వస్తారు కదా అని ఏసీ వేసి ఉంచాను అన్నాడు డాక్టరు, మా ఆయన కరిగిపోయాడు, చూశావా మర్యాదంటే ఇదీ, అంత పెద్దమనిషి మనకోసం బండి చల్లబరిచి పెట్టాడు అని నా చెవిలో, తర్వాత ఆరునెలలు కనిపించినవాళ్లందరికీ చెప్పాడు, ధర తగ్గించమని అడగాల్సినంత అడగలేదు, అంత మర్యాద చేసినవాడి దగ్గర బేరం ఏమిటన్నాడు, ఎవరైనా ఇంజను శబ్దం విని కొంటారు, టైర్లు చూసి కొంటారు, మేం చల్లగాలికి కొన్నాం, డాక్టరు భార్య మెట్ల మీద నిలబడి ఉంది, రెండో తాళం చెవి చేతిలో అటూ ఇటూ తిప్పుతూ, నేను బానెట్ మీద చెయ్యి వేశాను, వెచ్చగా, కాదు వేడిగా, తల ఎత్తితే ఆవిడ నన్నే చూస్తోంది, చూసుకుని తీసుకోండమ్మా అంది, మెల్లగా, అప్పుడు నాకు కోపం వచ్చింది, మేం చూసుకోకుండా కొనేవాళ్లలా కనిపించామా అని, ఈ రెండేళ్లలో ఆ ఇంటివాళ్లని నేను తిట్టని రోజు లేదు, బండి ఒరిగిన ప్రతి పొద్దునా ఆవిడ ముఖం తలుచుకుని తిట్టాను, తెలిసి అంటగట్టింది మహాతల్లి అని, అదిగో మోపెడ్ చప్పుడు, వెనకాలే ఆటో, వచ్చేశారు, పదకొండు కూడా కాలేదు, ఆపనా, దిగాను, తలుపు వేశాను, చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

ఆయన గొంతు మారిపోయింది, రండి రండి అని, వచ్చినాయన సామాన్లు అద్దెకిచ్చే కొట్టువాడట, పొట్టిగా నవ్వుముఖంతో, చక్రాలు ఒక్కొక్కటీ బూటుతో తన్ని చూశాడు, వెనక వేపు కూడా తన్నాడు, బండి కదల్లేదు, నిటారుగా ఉంది, ఎక్కి కూర్చుని అబ్బ చల్లగా ఉందే, మాకోసమేనా అన్నాడు, ఎండన పడి వస్తారు కదా అని ఏసీ వేసి ఉంచామండి అన్నాడు మా ఆయన, అదే మాట, ఇంచుమించు అక్షరం తేడా లేకుండా, తను అన్నది తనకే తెలిసిందో లేదో, కొట్టాయన భార్యని పిలిచాడు, చూశావుటే, మర్యాదంటే ఇదీ, నేను గోడ పట్టుకున్నాను, ఆమె నా దగ్గరే నిలబడింది, సన్నగా, చంకలో సంచి, మాది కొండ మీద ఇల్లు అక్కా అంది, అడక్కుండానే, మా పిల్లలిద్దరూ మా ఆడపడుచు పిల్లలిద్దరూ ఒకే బడి, రోజూ కొండ దిగాలి, ఆటోలో కూరినట్టు కూరి పంపిస్తాం, ఇందులో అయితే నలుగురూ హాయిగా అంటూ బానెట్ మీద చెయ్యి వేసింది, అరచెయ్యి మొత్తం, తీసేసింది, మళ్లీ పెట్టింది, నన్ను చూసింది, ఇంట్లోనే ఉందన్నారుగా పొద్దుట్నుంచీ, కాసేపు ఏసీకే ఇంత వేడా అంది, మా ఆయన మాట ఆపేసి నావైపు తిరిగాడు, చూసుకుని తీసుకోండమ్మా, ఆ మాటే నోటికొచ్చింది, తయారుగా ఉంది నాలుక చివర, ఎంత తేలికైన మాట, ఎవరికీ నష్టం లేదు, రేపు ఎవరైనా అడిగితే చెప్పాను కదా అనుకోవచ్చు, అత్తయ్య వీపు, లారీ, నలుగురు పిల్లలు, పొద్దున ఇది కూర్చుని ఉందమ్మా అన్నాను, నా గొంతు నాకే కొత్తగా ఉంది, రోజూ కూర్చునే ఉంటుంది, మీరొస్తారని నేనే లేపాను, వెనక గాలి సంచి పగిలింది, ఒకసారి దిగుడులో మమ్మల్ని కూర్చోబెట్టేసింది.

తిడతాడనుకున్నాను, లోపలికి పో అంటాడనుకున్నాను, ఆయన నన్ను చూశాడు, నేలని చూశాడు, తను వేసిన బండల్ని, తర్వాత వెళ్లి లోపలికి వంగి బటన్ నొక్కి ఇంజను ఆపేశాడు, ఇంటివాళ్ల ముందు బండల వరస తప్పిందండి పీకి మళ్లీ వేస్తాను అని చెప్పే గొంతుతో చెప్పాడు, ఎడమది కారుతోందండి, కుడిది కూడా ఎన్నాళ్లో ఉండదు, పంపు ఒకసారి మార్చాం, ముందు ఒక దీపం వెలగాలి, నిన్న ఆర్పించాను, చెప్పేకొద్దీ భుజాలు దిగుతూ వచ్చాయి, అంత బిగబట్టి నిలబడ్డాడని అప్పటిదాకా నాకూ తెలియదు, కొట్టాయన మెల్లగా దిగి, తలుపు నెమ్మదిగా వేసి, ఫోన్ చేస్తాం లెండి అన్నాడు, చేయరని అందరికీ తెలుసు, ఆటో దాకా వెళ్లి ఆమె వెనక్కి వచ్చింది, మీరు కొన్నప్పుడు మీకెవరూ చెప్పలేదా అక్కా అంది, జాలిగా, చెప్పలేదమ్మా అన్నాడు మా ఆయన, ఒక్కళ్లంటే ఒక్కళ్లు చెప్పలేదు, నేనూ అదే అనబోయాను, రెండేళ్లుగా అలవాటైన మాట, నోరు తెరిచాను కూడా, రాలేదు, అరచేతిలో ఆ వేడి, డాక్టరింట్లో చెట్టు నీడన నిలబడి కాసేపు ఏసీ వేసుకున్న బండికి అంత వేడేమిటని నా చెయ్యి ఆ రోజే అడిగింది, పక్కన ఆయన ముఖం వెలిగిపోతూ ఉంది, ఆ వెనక గేటు ఇక ఉండదన్నట్టు, ఆ వెలుగు ఆర్పలేక చెయ్యి తీసి వెనక దాచుకున్నాను, రెండేళ్లూ ఆవిడ్ని తిట్టుకున్నాను, ఆవిడ సగమైనా చెప్పింది, నేనే, పక్కనున్న మనిషికి, సగం కూడా చెప్పలేదు.