ఉంగాకి జవాబు

మా అమ్మాయి కెజియా నన్ను చూసి మొదటిసారి ఏడ్చినప్పుడు ఆకలేసిందేమో అనుకున్నాను. రెండోసారి చీమ కుట్టిందేమో అనుకున్నాను. మూడోసారి మా అత్తగారు వీరమ్మ గారు పిల్లని నా చేతుల్లోంచి తీసుకుని, "చీమా లేదు, దోమా లేదు బాబూ. మిమ్మల్ని చూసే," అన్నారు. ఆవిడ అబద్ధం ఆడరు. ఆవిడతో ఉన్న ఇబ్బంది కూడా అదే.

నా పేరు యెహెజ్కేలు. కొవ్వూరు దగ్గర హైస్కూల్లో లెక్కలు చెబుతాను. గొంతు కాస్త పెద్దది. నేను తొమ్మిదో తరగతికి చెప్పే వర్గమూలాలు పక్క గదిలో ఆరో తరగతి పిల్లలకి కూడా వచ్చేస్తాయని ఒక పేరుంది. దాన్ని పొగడ్త అనుకుని చాలా ఏళ్ళు బతికాను. ఏటా పేరెంట్స్ మీటింగులో పిల్లల్ని ఎలా పెంచాలో నలభై నిమిషాలు మాట్లాడేవాణ్ణి. అప్పటికి నాకు పిల్లలు లేరు. అందుకే అంత బాగా మాట్లాడేవాణ్ణని ఇప్పుడు తెలుస్తోంది.

మా ఆవిడ ప్రిస్కిల్లా రాజమండ్రిలో ఒక ఆసుపత్రిలో స్టాఫ్ నర్సు. పురిటికి జంగారెడ్డిగూడెంలో పుట్టింటికి వెళ్ళి, పిల్లకి ఐదో నెల వచ్చాక మా ఇంటికి వచ్చింది. అన్నాళ్ళూ నేను ఆదివారం చర్చి అవగానే బస్సెక్కి వెళ్ళేవాణ్ణి. అత్తగారు పెట్టిన కోడికూర తిని, నిద్రపోతున్న పిల్లని నాలుగు వైపుల నుంచీ ఫొటోలు తీసి, సాయంత్రం బస్సుకి తిరిగొచ్చేవాణ్ణి. ఆ ఫొటోలు స్టేటస్‌లో పెట్టి కింద "నాన్న కూచి" అని రాసేవాణ్ణి. ఆ నాన్న కూచి మెలకువగా ఉండి నన్ను చూసింది మొత్తం కలిపితే మూడు గంటలుంటుందేమో. అందులో గంటన్నర ఏడుపు.

ఏప్రిల్ ఆఖర్లో నాకు వేసవి సెలవులిచ్చారు. సరిగ్గా అప్పుడే ప్రిస్కిల్లా సెలవు అయిపోయింది.

"పొద్దున్న ఎనిమిది నుంచి రెండింటిదాకా డ్యూటీ అండి. అమ్మ తోడుంటుంది. మీరు పిల్లతో కాస్త ఆడుకోండి. మీరెవరో దానికి తెలియాలి కదా," అంది.

ఆడుకోవడం నాకు తెలిసిన పని కాదు. కానీ తెలియని పనికైనా ప్లాను రాయడం పదకొండేళ్ళుగా అలవాటు. ఒక తెల్లకాగితం తీసుకుని రాశాను. లక్ష్యం: శిశువు నవ్వుట. బోధనోపకరణములు: గిలక్కాయ, తువ్వాలు, రంగు అట్టలు, బ్యాటరీ ఏనుగు. మూల్యాంకనం: శిశువు ఎన్నిసార్లు నవ్వెను?

బ్యాటరీ ఏనుగు తొండం ఎత్తి, కళ్ళల్లో ఎర్రలైట్లు వెలిగించుకుంటూ పిల్ల మీదికి నడిచింది. ఆ వయసులో నా మీదికి అలాంటిది వచ్చుంటే నేనూ అలాగే అరిచేవాణ్ణి. తర్వాత అట్టలు తీశాను. "ఇది ఒకటి. ఇది రెండు. ఇదేంటి? మూడు!" అన్నాను. కెజియా నా వంక చూడలేదు. నా భుజం మీదుగా సీలింగ్ ఫ్యాను వంక చూసింది. నా క్లాసులో వెనక బెంచీ వాళ్ళ చూపు అచ్చం ఇలాగే ఉంటుంది. చివరికి తువ్వాలు మొహానికి అడ్డం పెట్టుకుని, లాగేసి, "దోబూచి!" అన్నాను. తొమ్మిదో తరగతి గొంతుతో అన్నాను. పిల్ల కింది పెదవి ముందుకొచ్చింది, వణికింది. ఇక చెప్పేదేముంది. వీరమ్మ గారు వంటింట్లోంచి చెయ్యి తుడుచుకుంటూ పరుగెత్తుకొచ్చారు.

"దోబూచి అంటే పిల్లలు నవ్వాలి గానీ పక్కింటి కుక్క మొరక్కూడదు బాబూ," అన్నారు.

అన్నిటికంటే అవమానం తాతాజీ వల్ల జరిగింది. తాతాజీ ప్రిస్కిల్లాని రోజూ బ్రిడ్జి దాటించి ఆసుపత్రిలో దింపే ఆటో డ్రైవరు. ఒకరోజు గేటు దగ్గర ఆగి, వీరమ్మ గారి చంకలో ఉన్న పిల్లని చూసి, నాలికతో 'టక్, టక్' అని రెండుసార్లు చప్పుడు చేశాడు. అంతే. కెజియా బోసినోరంతా తెరిచి నవ్వింది.

"భలే పాప మాస్టారూ! ఎవరు పలకరించినా నవ్వుద్దనుకుంటా," అన్నాడు.

"ఆఁ, అంతే," అన్నాను.

ఆ సాయంత్రం బాత్రూంలో తలుపేసుకుని టక్ టక్ సాధన చేశాను. నాలిక తిరిగే పని కాదది, చాలా కష్టం. ఒక పావుగంటకి బయట నుంచి ప్రిస్కిల్లా, "ఏవండీ, బాత్రూంలో బల్లి ఉన్నట్టుంది, ఆగకుండా అరుస్తోంది, చూడండి," అంది. అది బల్లి కాదు, నేనేనని చెప్పే ధైర్యం చాల్లేదు. బయటికొచ్చి, చీపురు పట్టుకెళ్ళి, లేని బల్లిని కాసేపు తరిమాను.

ఇలా రెండు వారాలు గడిచాయి. మే నెలలో ఒక బుధవారం, వీరమ్మ గారు చుట్టాల పెళ్ళికని జంగారెడ్డిగూడెం వెళ్ళాల్సి వచ్చింది. రెండ్రోజులు. ప్రిస్కిల్లాకి సెలవు దొరకలేదు.

"ఉండగలరా?" అంది ప్రిస్కిల్లా, ఆటో ఎక్కే ముందు.

"అరవై మందిని అదుపులో పెడతాను. ఒక్క పిల్లేగా," అన్నాను.

"పాలు తీసి గిన్నెలో పెట్టాను, చెంచాతో పట్టండి. గుడ్డలు మడతపెట్టి మంచం మీద ఉంచాను. మరీ ఏడిస్తే ఫోన్ చెయ్యండి," అని వెళ్ళిపోయింది.

తొమ్మిదింటిదాకా పిల్ల నిద్రపోయింది కాబట్టి నా పరిపాలన చక్కగా సాగింది. లేచాక పాలు పట్టాను. సగం కడుపులోకి, సగం మెడ కిందికి పోయాయి. ఆ తర్వాత మొదలైంది. ఎత్తుకున్నాను, తిప్పాను, ఊపాను. ఫోన్లో పిల్లల పాటలు పెట్టాను. పదిన్నరకి కరెంటు పోయింది. పదకొండు అవకుండానే ఫోనూ చచ్చిపోయింది. ఇక నేనే పాడాను. సండేస్కూల్లో నేర్చుకున్నవి, క్రిస్మస్‌వి, ఆఖరికి ఎక్కాలు కూడా రాగం కట్టి పాడాను. పదమూడో ఎక్కం దగ్గర నా గొంతు పోయింది. నిజంగానే పోయింది. మాట్లాడబోతే గాలి తప్ప ఏమీ రాలేదు.

పిల్లని చాప మీద పడుకోబెట్టాను. గాలి కోసం వీధి తలుపు బార్లా తీశాను. ఇంక ఏ ఉపాయమూ మిగల్లేదు. ప్లాను కాగితం మడిచి పిల్లకి విసురుతూ, పక్కనే నేనూ వాలిపోయాను. నా మొహానికీ దాని మొహానికీ జానెడు దూరం ఉంటుంది. ఏమీ అనలేదు, ఏమీ చెయ్యలేదు. నాకు కూడా ఏడుపొస్తున్నట్టే ఉంది, ఎవరూ చూడట్లేదు కదాని ఆపుకోలేదు కూడా.

కాసేపటికి దాని ఏడుపు వెక్కిళ్ళలోకి దిగి, తర్వాత ఆగింది. కళ్ళల్లో నీళ్ళు అలాగే ఉన్నాయి. నా మీసాల్ని, కళ్ళజోడుని, నుదుటి మీది చెమటని తాపీగా చూసింది. ఇన్నాళ్ళలో అది నన్ను చూడటం అదే మొదలు. నేను దాన్ని చూడటం కూడా. దాని కుడి కనుబొమ మీద ఆవగింజంత మచ్చ ఉందని నాకు అప్పుడే తెలిసింది. నేను తీసిన వంద ఫొటోల్లోనూ ఆ మచ్చ ఉండే ఉంటుంది.

"ఉంగా," అంది.

మామూలుగా అయితే దానికి ఒక పేరా జవాబు చెప్పేవాణ్ణి. గొంతు లేదు. అందుకని మెల్లిగా, గాలితోనే, "ఉంగా," అన్నాను.

కెజియా కనుబొమలు పైకి లేచాయి. నేను ఎదురుచూశాను. పదకొండేళ్ళ ఉద్యోగంలో నేను క్లాసులో ప్రశ్న అడిగి రెండు సెకన్ల కంటే ఎక్కువ ఆగింది లేదు. మూడో సెకనులో జవాబు నేనే చెప్పేస్తాను. ఆరోజు లోపల లెక్కపెట్టుకుంటూ ఆగాను. ఐదు, ఆరు, ఏడు. అది నోరు కదిపింది, పెదాలు గుండ్రంగా చుట్టింది, ఎక్కడినుంచో మాట తోడుతున్నట్టు మెడ బిగబట్టింది. తొమ్మిది దగ్గర "అఁ... గూ," అంది.

"అఁ... గూ," అన్నాను.

అది కాళ్ళు రెండూ ఒకేసారి చాప మీద కొట్టింది. అర్థం చేసుకునేవాడు దొరికాడన్న సంతోషం కాబోలు. నాలిక బయటపెట్టింది. నేనూ పెట్టాను. అరికాలు నా అరచేతికి ఆనించి తోసింది. నేను చేతిని కొంచెం వెనక్కి జరిపాను. మళ్ళీ తోసింది, మళ్ళీ జరిపాను. ఐదోసారో ఆరోసారో నవ్వింది. బొండాం వంచితే నీళ్ళు గుబుక్కుమన్నట్టు, కడుపులోంచి వచ్చింది ఆ నవ్వు. దాని ముందు అరవై మంది పిల్లల చప్పట్లు ఎందుకూ పనికిరావు.

ఎంతసేపు అలా ఉన్నామో తెలీదు. ఉంగా అనుకుంటూ, నాలికలు చూపించుకుంటూ ఉన్నాం. ఒకసారి తలెత్తేసరికి గుమ్మంలో మా హెడ్మాస్టరు చంద్రరావు గారు నిలబడి ఉన్నారు. చేతిలో ఫైలు. నా ఒంటి మీద లుంగీ, చిరుగుల బనియను. నాలిక ఇంకా బయటే ఉంది.

"యెహెజ్కేలు గారూ," అన్నారాయన చాలా జాగ్రత్తగా, "ఒంట్లో బాగోలేదా అండి?"

"బాగానే ఉంది సార్. మాట్లాడుకుంటున్నాం," అన్నాను, లేని గొంతుతో.

"తొమ్మిదో తరగతి పిల్లల ప్రమోషన్ లిస్టు మీద మీ సంతకం ఒకటి మిగిలిపోయింది. ఫోన్ చేస్తే కలవట్లేదు."

కుర్చీ చూపించాను. ఆయన కుర్చీ వంక చూశారు, చాప వంక చూశారు, చెప్పులు విడిచి చాప చివర కూర్చున్నారు. కూర్చుంటుంటే మోకాళ్ళు టపటపమన్నాయి. కెజియా కొత్త మనిషిని చూసి ఏడుస్తుందనుకున్నాను. ఏడవలేదు. ఆయన జేబులో పెన్ను వంక చూసింది. ఆ పెన్ను తీసి నాకిచ్చారు. నేను సంతకం పెట్టడానికి అటు తిరిగాను.

పెన్ను ఎటు పోయిందో చూద్దామనుకుందో, నేను ఎటు పోయాననుకుందో. ఒక కాలు ఎత్తి ఇటు వేసింది. నడుం తిప్పింది. మొహం కందగడ్డలా ఎర్రబడింది. మూలిగింది. ఒక చెయ్యి పొట్ట కింద ఇరుక్కుపోయింది. సాయం చెయ్యబోతే చంద్రరావు గారు నా మణికట్టు పట్టుకుని ఆపారు. ఇంకొక్క మూలుగు. ధబ్బున బోర్లా పడి, తలెత్తి, మా ఇద్దరి వంకా చూసింది.

"పడిందండీ! బోర్లా పడింది!" అని అరిచారు చంద్రరావు గారు. ప్రార్థనలో దగ్గినవాణ్ణి కూడా క్షమించని మనిషి ఆయన.

తర్వాత సంతకం పెట్టించుకుని, పెన్ను జేబులో పెట్టుకున్నారు. ఫైలు తాడు కట్టుకుంటూ, "మా వాళ్ళిద్దరూ ఎప్పుడు బోర్లా పడ్డారో నాకు తెలీదండి," అన్నారు. "స్కూలు నుంచి ఇంటికొచ్చేసరికి బొబ్బట్లుండేవి. తినేవాణ్ణి."

ఆయన చెప్పులు వేసుకుని, గుమ్మం దగ్గర ఒకసారి వెనక్కి తిరిగి, ఎవరైనా చూస్తున్నారేమోనని వీధి వైపు చూసుకుని, పిల్లకి "ఉంగా," అని చెప్పి వెళ్ళిపోయారు.

మూడింటికి ప్రిస్కిల్లా వచ్చింది. పరిగెత్తి ఎదురెళ్ళి చెప్పాను. చాప మీద పడుకోబెట్టి మళ్ళీ చేయించబోయాను. కెజియా రాయిలా వెల్లకిలా పడుకుని అమ్మ వైపు చేతులు చాపింది. ఎత్తుకోగానే భుజం మీద నిద్రపోయింది.

"వీడియో తీశారా?"

"ఫోన్ చచ్చిపోయింది."

"పోన్లెండి," అంది ప్రిస్కిల్లా. ఆ 'పోన్లెండి'లో నమ్మకం పావు వంతు కూడా లేదు.

కరెంటూ, సగం గొంతూ వచ్చాక అత్తగారికి ఫోన్ చేశాను. పెళ్ళిభోజనాల గోల మధ్య ఆవిడ గొంతు గట్టిగా వినిపించింది. "బోర్లా పడిందా బాబూ, మీరే తిప్పారా?"

"పడింది అత్తయ్య గారూ. మా హెడ్మాస్టరు గారు కూడా చూశారు."

"అయితే ఆయన చేత సంతకం పెట్టించాల్సింది," అన్నారు.

శుక్రవారం వచ్చి ఆవిడే స్వయంగా విచారణ మొదలుపెట్టారు. రెండు పూటలు చాప పక్కన కాపలా కూర్చున్నారు. కెజియా కదల్లేదు. నా మాట మీద పూర్తిగా నమ్మకం పోతున్న వేళ, శనివారం పొద్దున్న ఆవిడ జడ వేసుకుంటుండగా, ఎవరూ అడక్కుండానే తిరిగి పడింది. వీరమ్మ గారు జడ సగంలో వదిలేసి శనగపప్పు నానబోయడానికి వెళ్ళారు.

మధ్యాహ్నానికి బొబ్బట్లయ్యాయి. వీధిలో పంచే పని నేనే అడిగి తీసుకున్నాను. మొదటింట్లో పిల్ల ఒకసారి తిరిగిందని చెప్పాను. నాలుగో ఇంట్లో చెప్పేటప్పటికి రెండుసార్లు తిరిగింది. ఆఖరింటికి చేరేసరికి హెడ్మాస్టరు గారి పెన్ను కూడా లాక్కుంది. అక్కడ ఎవరో "మీరు దగ్గరుండి నేర్పారా మాస్టారూ?" అని అడిగితే, సిగ్గులేకుండా తలూపాను.

ఇంటికొచ్చేసరికి పిల్ల చాప మీద బోర్లా పడి ఏడుస్తోంది. పడటం వచ్చింది గానీ తిరిగి వెల్లకిలా అవటం రాలేదు దానికి. ప్రిస్కిల్లా నిద్రపోతోంది, అత్తగారు పెరట్లో ఉన్నారు. నేను ఖాళీ పళ్ళెం కింద పెట్టి, పక్కన కూర్చుని, మెల్లిగా వెల్లకిలా తిప్పాను. హమ్మయ్య అన్నట్టు నా మొహం వంక చూసింది. ఒక్క క్షణం ఆగి, మళ్ళీ కాలు ఎత్తి, మూలిగి, బోర్లా పడింది. మళ్ళీ ఇరుక్కుంది. మళ్ళీ ఏడ్చింది. మళ్ళీ తిప్పాను. దీపాల వేళ దాకా మా ఇద్దరికీ అదే పని. ఇరవై ఏడుసార్లు తిప్పాను. ఆ తర్వాత లెక్క తప్పాను.